పేరు చెప్పని ప్రార్థన

ఒంగోలు నుంచో కావలి నుంచో వాట్సాప్‌లో ఒక ప్రార్థన విన్నపం వస్తుంది. ఫలానావారి అబ్బాయికి డిప్రెషన్, ఇంజినీరింగు మూడో సంవత్సరం, గదిలోంచి బయటికి రావడంలేదు, అందరూ ప్రార్థించండి అని. పంపినవాళ్ల ప్రేమలో లోటు లేదు. కానీ తెల్లారేసరికి ఆ కబురు డల్లాసులో పిన్నికీ మెల్‌బోర్న్‌లో బాబాయికీ చేరి, చివరికి వాడి క్లాసు పిల్లల ఫోన్లలోకి వస్తుంది. తర్వాతి ఆదివారం వాడు మందిరానికి రాడు.

"ఒక యౌవనుడి కోసం" అంటే చాలు. ఎవరో దేవునికి తెలుసు. పేరు చెప్పాలనుకుంటే ముందు వాడినే అడగాలి, వద్దంటే మానేయాలి. మన క్రైస్తవ సంఘాలు మొట్టమొదట మార్చుకోవలసింది ఇదే అని నా గట్టి నమ్మకం.

రెండు వారాలకు పైగా, దాదాపు రోజంతా దిగులు, దేనిమీదా ఇష్టం లేకపోవడం, నిద్రా తిండీ తప్పడం ఉంటే అది జబ్బు కావచ్చు. ఆరాధనలో కీబోర్డు వాయించే పిల్లవాడు అది వదిలేసి తలుపు దగ్గరి చాప మీద కూర్చుంటుంటే గమనించండి. అప్పుడు "విశ్వాసం తగ్గింది", "ఏదో పాపం దాచావు, ఒప్పుకో" అనకండి. తనను తాను నిందించుకోవడం ఈ జబ్బు లక్షణాల్లోనే ఒకటి. ఆ మాటలు అప్పటికే మండుతున్నచోట కిరోసిన్ పోసినట్టే. బైబిల్లో బదరీవృక్షం కింద చావు కోరుకున్న ఏలీయా ప్రవక్తను దూత గద్దించలేదు. రొట్టె, నీళ్లు పెట్టాడు, మళ్లీ పడుకుంటే మళ్లీ లేపి పెట్టాడు.

ఉపవాస ప్రార్థనలో వాడిని కూర్చోబెట్టొద్దు. తిండి మానితే మాత్రలూ మానేస్తారు, అసలే సరిగా తినని ఒళ్లు ఇంకా నీరసిస్తుంది. ఆల్‌నైట్ ప్రేయర్ కూడా వద్దు, చెడిన నిద్ర మరింత చెడుతుంది. ఉపవాసం పెద్దవాళ్లు ఉండొచ్చు.

డిప్రెషన్‌కు డాక్టరు రాసిన మందు మొదలుపెట్టిన రోజే గుణం కనిపించదు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదట్లో కడుపులో వికారం, కలత ఉండొచ్చు. 25 ఏళ్లలోపు వాళ్లలో ఆ తొలి వారాల్లో ఆత్మహత్య ఆలోచనలు పెరిగే అవకాశం ఉంది కనుక మరీ దగ్గరగా చూసుకోవాలి. బాగయ్యాక కూడా మామూలుగా కనీసం ఆరు నెలలు వాడిస్తారు. ఇక్కడే సంఘం తెలియక చేసే పొరపాటు ఒకటుంది: కాస్త తేరుకోగానే స్వస్థత సాక్ష్యం చెప్పమనడం. అలా చెప్పినవాడు మర్నాడు మాత్ర ఎలా మింగుతాడు? టక్కున ఆపితే తలతిరుగుడు, చిరాకు వస్తాయి, జబ్బూ తిరగబెట్టవచ్చు. ఆపేది డాక్టరే, అదీ మెల్లమెల్లగా.

చనిపోవాలనిపిస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. అవునంటే ఒంటరిగా వదలొద్దు. మిర్చికో పొగాకుకో కొట్టే పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఆ పూటే బయటికి తరలించండి. మాత్రలు అమ్మ దగ్గరుండాలి, వారానికి సరిపడా మాత్రమే. మానసిక సహాయానికి ప్రభుత్వం నడిపే ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416, ఇండియాలో ఏ వేళనైనా ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయమనిపిస్తే దానికోసం కూడా ఆగకుండా ఆసుపత్రికే. ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మానసిక వైద్యం ఉంది. పాస్టరుగారు తోడు వెళ్లి ఓపీ వరుసలో కూర్చుంటే, మందు తీసుకోవడం అవిశ్వాసం కాదని ప్రసంగంలో వేరే చెప్పనక్కర్లేదు.

మరి ఇక్కడ విదేశాల్లో ఉన్న మనం? డబ్బు పంపేటప్పుడు దేనికో చెప్పి పంపుదాం: సింగరాయకొండ నుంచి ఒంగోలుకు రానూపోనూ ఖర్చు, డాక్టరు ఫీజు, నెల మందులు. తోడు వెళ్లేవాళ్ల కూలి పోతుంది, అదీ అందులో కలపండి. ఫోను వారంలో ఒకే రోజు, ఒకే వేళకు, పది నిమిషాలు. సబ్జెక్టులు ఎన్ని మిగిలాయని అడగొద్దు. రాత్రి ఏం తిన్నావు, నిద్రపట్టిందా అంటే చాలు. చాలామందికి ఈ జబ్బులో పొద్దున లేవడమే అన్నిటికన్నా బరువు. డల్లాసులో వేసవి రాత్రి తొమ్మిదైతే అక్కడ ఉదయం ఏడున్నర. ఆ వేళకు చేయండి. ఎత్తకపోతే కోప్పడకుండా వచ్చే వారం అదే వేళకు మళ్లీ చేయండి.