గార తీయిస్తే గుండెపోటా? ఆ ఫార్వర్డ్ మెసేజ్‌కి నా జవాబు

ఈ వారంలో ఆ మెసేజ్ నాకు రావడం నాలుగోసారి. మొదట కాలేజీ స్నేహితుల గ్రూప్‌లో వచ్చింది. తర్వాత బాబాయి పంపారు. ఆ తర్వాత ఆఫీసు గ్రూప్‌లో ప్రత్యక్షమైంది. నిన్న రాత్రి, మొట్టమొదట పంపిన స్నేహితుడే మళ్లీ పంపాడు, "చదివావా లేదా?" అన్న ప్రశ్న తగిలించి మరీ. చదివానురా. రెండుసార్లు చదివాను. అందుకే ఇది రాస్తున్నాను.

ఇంతవరకూ దాని బారిన పడని అదృష్టవంతుల కోసం సంగతి చెప్తాను. పేరు "సర్వరోగాలకూ మూలం మీ నోరే". కింద ఏడు పాయింట్లు. ఒకటి, నోట్లో ఉన్న బాక్టీరియా అంతా విషం, రోజూ మౌత్‌వాష్‌తో చంపేయాలి. రెండు, గుండెపోటుకు అసలు కారణం కొలెస్ట్రాల్ కాదు, చిగుళ్లు. మూడు, అల్జీమర్స్ తెచ్చే చిగుళ్ల క్రిమి దొరికింది, మందుల కంపెనీలు దాచిపెట్టాయి. నాలుగు, షుగర్ వచ్చేది చిగుళ్ల వల్లే, అవి బాగైతే మాత్రలు మానేయొచ్చు. ఐదు, పళ్ల గార తీయించుకోవద్దు, పళ్లు వదులవుతాయి, క్రిములు రక్తంలో కలిసి గుండెకు చేరతాయి. ఆరు, రూట్ కెనాల్ చేసిన పన్ను క్యాన్సర్ తెస్తుంది, పీకించేయండి. ఏడు, వీటన్నిటికీ ఒకటే మందు, ఆయిల్ పుల్లింగ్.

మొత్తం అబద్ధమే అయితే డిలీట్ చేసి నా పని నేను చూసుకునేవాణ్ణి. కాదు, అదే చిక్కు. చిగుళ్ల జబ్బుకీ మిగతా ఒంటికీ సంబంధం ఉన్న మాట నిజం. ఆ పిసరంత నిజాన్ని చేత్తో పట్టుకుని ఈ మెసేజ్ ఇంటింటికీ తిరుగుతోంది.

మొదటి పాయింట్‌తో త్వరగా తేల్చేస్తాను. మనుషుల నోళ్లలో కనిపించే బాక్టీరియా 700 రకాలకు పైనే. వాటిలో చాలావాటికి మన జోలికి రావాల్సిన పనే లేదు. కొన్నయితే మనకు చాకిరీ చేస్తున్నాయి. కూరగాయల్లోంచి వచ్చే నైట్రేట్‌ని నాలుక మీది బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, దాన్నుంచి ఒంట్లో రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్ తయారవుతుంది. లండన్ పరిశోధకులు 19 మంది ఆరోగ్యవంతుల చేత వారం పాటు క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్ మౌత్‌వాష్ వాడించి చూశారు. వాళ్ల బీపీ 2 నుంచి 3.5 పాయింట్లు పెరిగింది. ఆ ఫలితం 2013లో అచ్చయింది. డెంటిస్ట్ రెండు వారాలు వాడమంటే వాడండి, అది వేరే సంగతి. ఊరికే ఏడాది పొడవునా దాన్ని పుక్కిలిస్తూ పోతే పళ్లు గోధుమ రంగుకు తిరగొచ్చు, నాలుకకు రుచి మారిపోవచ్చు.

గుండె సంగతి. చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో గుండె జబ్బులు ఎక్కువగా కనిపిస్తాయి. సిగరెట్టు, షుగర్, వయసు లాంటివి లెక్కలోంచి తీసేశాక కూడా ఆ సంబంధం కొంత మిగిలే ఉంటుంది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఈ అధ్యయనాలన్నీ ముందేసుకుని 2012లో చెప్పింది ఇదే: సంబంధం ఉంది, కానీ ఒకదానివల్లే రెండోది వస్తోందనడానికి రుజువు లేదు. ఇంతే. ఇందులోంచి "కొలెస్ట్రాల్ కాదు" అన్న ముక్క ఎక్కడ ఊడిపడిందో నాకు అర్థం కాలేదు. ఈ లైను చదివి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర పక్కన పడేసిన మనిషి ఒక్కడున్నా, "ఒక ప్రాణం కాపాడండి" అంటూ ఇది పంపినవాళ్లంతా ఆ లెక్క కూడా రాసుకోవాలి.

మూడోది నిజానికి మంచి కథ. మెసేజ్ రాసినవాళ్లకు సగమే తెలిసింది. పార్ఫిరోమోనాస్ జింజివాలిస్ అని చిగుళ్ల జబ్బులో పేరుమోసిన బాక్టీరియా ఒకటుంది. అల్జీమర్స్‌తో చనిపోయినవాళ్ల మెదళ్లలో దాని ఆనవాళ్లు, అది వదిలే ఎంజైములు కనిపించాయని 2019లో ఒక పరిశోధన వచ్చింది. దాని వెనక ఉన్న కార్టెక్సైమ్ అనే కంపెనీ దాచిపెట్టలేదు సరికదా, ఆ ఎంజైములను అడ్డుకునే మందు తయారుచేసి 600 మందికి పైగా రోగుల మీద పరీక్షించింది. 2021 అక్టోబరులో ఫలితాలు బయటికొచ్చాయి. మొత్తం మీద చూస్తే మందు తీసుకున్నవాళ్లకూ తీసుకోనివాళ్లకూ తేడా లేదు. అంటే ఆ క్రిమి ఏ పాపమూ ఎరగదని కాదు. జబ్బు ముదిరాక వచ్చిన అతిథి కావచ్చు, ముందే వచ్చిన దొంగ కావచ్చు. ఇంతకీ కంపెనీలు దాచేశాయట! దాచేస్తే నీకెలా తెలిసింది నాయనా, నీ ఫోన్‌కి ఎలా వచ్చింది?

షుగర్ దగ్గర మాత్రం నేను కొంచెం తగ్గాలి. ఈ ఏడింటిలో నిజానికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చింది ఇదే, అయితే మెసేజ్ దాన్ని తలకిందులుగా పట్టుకుంది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్లు త్వరగా పాడవుతాయి. చిగుళ్లలో వాపు, చీము ఉంటే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. ఒకదాన్నొకటి ఎగదోసుకుంటాయి. చిగుళ్లకు వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చూపే రక్తపరీక్ష అంకె) సగటున 0.43 శాతం పాయింట్లు తగ్గుతుందని, ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి కాక్రేన్ సమీక్ష తేల్చింది. చిన్న అంకెలా ఉందని తీసిపారేయకండి, రెండో మాత్ర చేర్చాలా వద్దా అని డాక్టర్ ఆలోచించేటప్పుడు ఈ మాత్రం తేడా అక్కరకొస్తుంది. కానీ ఆ 0.43 వచ్చింది మందులు మానేసినవాళ్లలో కాదు, మందులతో పాటు చిగుళ్లకు వైద్యం చేయించుకున్నవాళ్లలో. పైగా ఆ వైద్యంలో ముఖ్యమైన పని ఏమిటో తెలుసా? గార తీయడం. ఐదో పాయింట్‌లో వద్దన్నదే.

రూట్ కెనాల్ భయం నూరేళ్ల నాటిది. 1920ల్లో వెస్టన్ ప్రైస్ అనే అమెరికన్ డెంటిస్ట్ రూట్ కెనాల్ చేసిన పళ్లను కుందేళ్ల చర్మం కింద పెట్టి, అవి జబ్బు పడ్డాయి కాబట్టి మనుషులకూ అంతే అన్నాడు. తర్వాత జాగ్రత్తగా చేసిన ప్రయోగాల్లో అది నిలబడలేదు. కానీ ఆ రోజుల్లో "అన్ని రోగాలూ పళ్లలోంచే" అన్న వెర్రి ఎంత దూరం పోయిందంటే, న్యూజెర్సీలోని ట్రెంటన్ ప్రభుత్వ ఆసుపత్రిలో హెన్రీ కాటన్ అనే డాక్టర్ పిచ్చి కుదురుస్తానని రోగుల పళ్లు పీకించాడు. పళ్లతో కుదరకపోతే టాన్సిల్స్, అదీ కాకపోతే పెద్దపేగు ముక్క. చాలామంది ఆ ఆపరేషన్లతోనే చచ్చిపోయారు. మన మెసేజ్ పేరు ఆయన గోడ మీద రాసిపెట్టుకోదగ్గది. క్యాన్సర్‌తో సంబంధం కోసం వెతికేవాళ్లు వెతకాల్సింది రూట్ కెనాల్‌లో కాదు, ఫ్యూసోబాక్టీరియం అనే నోటి బాక్టీరియాలో. పెద్దపేగు క్యాన్సర్ గడ్డల్లో అది కనిపిస్తోందని 2012 నుంచీ పరిశోధనలు వస్తున్నాయి. మెసేజ్‌లో దాని పేరే లేదు.

ఏడోది: నూనె పుక్కిలించడం మీకిష్టమైతే పుక్కిలించి ఉమ్మండి. మింగకండి, ఊపిరితిత్తుల్లోకి పోనివ్వకండి. గుండెను, మెదడును అది బాగుచేయదు.

ఇక ఐదో పాయింట్. దీనితో నాకు పాత కక్ష ఉంది. ఎందుకంటే నేనూ దీన్ని నమ్మాను.

నాకు ముప్పై ఏళ్లప్పుడు బ్రష్ చేసి ఉమ్మితే నురగ గులాబీ రంగులో ఉండేది. డెంటిస్ట్ చూసి క్లీనింగ్ చేయించుకోమన్నారు. "గార తీయించావంటే పళ్లన్నీ ఊగుతాయి, మా వాడికి అలాగే అయింది" అని ఇంట్లో పెద్దాయన ఒకరు చెప్పారు. నొప్పి లేదు కదా అని ఊరుకున్నాను, ఏడేళ్లు. చిగుళ్ల జబ్బు చాలావరకు నొప్పి పెట్టదు, అదే దాని కుట్ర. సిగరెట్టు తాగేవాళ్లకయితే రక్తం కూడా సరిగా కనిపించదు. చివరికి కింది ముందు పళ్లు రెండు నాలుకతో తోస్తే కదలడం మొదలైంది. ఎక్స్‌రేలో వాటి చుట్టూ ఎముక సగం వరకూ కరిగిపోయి ఉంది. ఒకటి పోయింది. రెండోదాన్ని పక్క పళ్లకు తీగతో కట్టి నిలబెట్టారు. ఇప్పటికీ ఆ తీగ నాలుకకు తగులుతూనే ఉంటుంది, ఆ పెద్దాయన మాట గుర్తుచేస్తూ.

ఆయన చెప్పింది అబద్ధం కాదు. క్లీనింగ్ తర్వాత వాళ్ల వాడి పళ్లు ఊగే ఉంటాయి. పాచి గట్టిపడి గార అవుతుంది, చిగుళ్ల కిందికి పాకుతుంది. దానితో పోరాడుతూ పోరాడుతూ ఒళ్లు తన ఎముకనే పోగొట్టుకుంటుంది. అప్పటికి పన్నును నిలబెడుతున్నది పళ్ల మధ్య సిమెంటులా పట్టుకున్న గారే. తీసేయగానే అసలు రంగు బయటపడుతుంది. చెదలు తిన్న దూలాన్ని చెదపుట్టే ఆపుతోందని పుట్టను కాపాడుకుంటామా? పళ్ల మధ్య సందులు వచ్చాయంటారు. సందులు ముందే ఉన్నాయి, గార పూడ్చింది. జివ్వుమంటుందంటారు. అవును, చాలామందికి కొన్నాళ్లుండి తగ్గిపోతుంది.

ఇక క్రిములు రక్తంలో కలవడం. కలుస్తాయి. గార తీసేటప్పుడు కాసేపు బాక్టీరియా రక్తంలోకి పోతుంది. కానీ చిగుళ్లు పాడైనవాళ్లకు బ్రష్ చేసినా, గట్టిది నమిలినా పోతూనే ఉంటుంది, రోజూ. గుండె కవాటాలకు వచ్చే ఇన్ఫెక్షన్‌కి డెంటిస్ట్ దగ్గర జరిగే పనుల కన్నా ఈ రోజువారీ వ్యవహారమే ఎక్కువ కారణమై ఉంటుందని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2007లోనే రాసింది. అందుకే ముందుగా యాంటీబయాటిక్ వేయడాన్ని కృత్రిమ కవాటం ఉన్నవాళ్లు, ఇదివరకు ఆ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లు, అలాంటి కొద్దిమందికే పరిమితం చేసింది.

ఇక్కడ ఒకటి ఒప్పుకోవాలి, ఒప్పుకోకపోతే నేనూ ఆ మెసేజ్ బాపతే అవుతాను. 2007లో 120 మందితో చేసిన ఒక అధ్యయనం అచ్చయింది. ముదిరిన చిగుళ్ల జబ్బుకు ఒకేసారి గట్టిగా వైద్యం చేస్తే, మర్నాడు వాళ్ల రక్తనాళాల పనితీరు నిజంగానే దెబ్బతింది, రక్తంలో వాపు సూచికలు పెరిగాయి. 2010లో వచ్చిన ఇంకో అధ్యయనంలో, పన్ను పీకడం లాంటి పనుల తర్వాత మొదటి నాలుగు వారాల్లో గుండెపోటు, పక్షవాతం ముప్పు మామూలు కన్నా ఒకటిన్నర రెట్లు కనిపించింది. అంటే ఈ మెసేజ్‌లో అన్నిటికన్నా ఎక్కువ చెరుపు చేసే పాయింట్‌కే, రాసినవాళ్లకు తెలియకుండా, కాస్త ఆధారం ఉంది. నేను మొదటిసారి చదివినప్పుడు నాకూ టెన్షన్ వచ్చింది. అయితే మొదటి అధ్యయనంలోని వాళ్లనే ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యంతో సరిపెట్టుకున్నవాళ్ల కన్నా వాళ్ల రక్తనాళాలు మెరుగ్గా ఉన్నాయి. రెండో అధ్యయనంలోని ముప్పు కూడా ఆరు నెలల్లోపు మామూలుకొచ్చింది, పైగా అసలు సంఖ్యే చిన్నది. ముల్లు తీసేటప్పుడు నొప్పెడుతుందని ముల్లును కాల్లోనే ఉంచుకోమంటోంది మెసేజ్.

అసలు రెండో పాయింట్ రాసినాయన, ఐదో పాయింట్ రాసినాయన ఒకరితో ఒకరు మాట్లాడుకోరా? పాడైన చిగుళ్ల వల్ల గుండెపోటు వస్తుందట, చిగుళ్లు బాగుచేయించినా గుండెపోటే వస్తుందట. మరి మనిషి ఏం చేయాలి? పది మందికి పంపాలి కాబోలు.

ఇక నీకు, రెండుసార్లు పంపిన మిత్రమా. జామకాయ కొరికితే దాని మీద రక్తం మరకలు పడుతున్నాయని పోయిన నెల నవ్వుతూ చెప్పింది నువ్వే. రక్తం పలచబడే మాత్ర వాడుతున్నావు కాబట్టి ఆ సంగతి డెంటిస్ట్‌కి ముందే చెప్పు, నీ అంతట నువ్వు మాత్ర ఆపకు. పంటికీ చిగుళ్లకీ మధ్య సందు లోతు ఎంతుందో కొలవమను. మూడు మిల్లీమీటర్ల లోపయితే బతికిపోయావు. అంతకన్నా ఎక్కువంటే ఒక్క సిట్టింగ్‌లో అయిపోదు, రెండు మూడు రోజులు సెలవు చూసుకో. అపాయింట్‌మెంట్ ఎప్పుడో గ్రూప్‌లో పెట్టు. ఆ ఫార్వర్డ్ మాత్రం ఐదోసారి పంపకు.