పదం పదం: ఒక వ్యాకరణ విజ్ఞాపన

2023 మే నెలలో ఆస్ట్రేలియా గాయని కైలీ మినోగ్ ఒక డాన్స్ పాట విడుదల చేశారు. దాని పేరు ‘పదం పదం’. మూడు నిమిషాలు కూడా లేని ఆ పాట బ్రిటన్ చార్టులో 8వ స్థానం దాకా ఎక్కింది. మరుసటి ఫిబ్రవరిలో గ్రామీ కూడా కొట్టుకొచ్చింది. ఇంత జరుగుతుంటే, ‘అమ్మా, ఆ మాట మాది కదా’ అని తెలుగు పండితులు ఒక్కరైనా అడిగినట్టు లేదు. అందుకని ఆ భారం నేనే నెత్తికెత్తుకుంటున్నాను.

ముందు అర్థం సంగతి. అది గుండె చప్పుడట. 1951లో ఫ్రెంచి గాయని ఎడిత్ పియాఫ్ ఇదే పేరుతో వేరే పాట పాడారు కాబట్టి, యూరప్ గుండెలకు ఇది పాత అలవాటే అనుకోవాలి. తెలుగు గుండె ఇంతవరకు దడదడలాడింది, గుభేలుమంది, ఝల్లుమంది. పదం అని మాత్రం అన్నది లేదు. అయినా ఒక్కసారి ‘దడ’ అని ఊరుకున్న గుండెను మనం ఎరగం. ‘కిల’ అని ఒక్కసారి నవ్వి ఆపేసినవాళ్లనీ ఎరగం. జంటగా పలికితే తప్ప మనకు చప్పుడు చప్పుడులా వినబడదు. ఈ రహస్యం అంత దూరంలో ఉన్నావిడకు ఎవరు చెప్పారో విచారించాలి.

వ్యాకరణం తెలిసినవాళ్లు ఇక్కడ ఒక చిక్కు తీస్తారు. పగలు పగలు కలిస్తే పట్టపగలు అవుతుంది. అలాగే పదం పదం కలిసి ‘పట్టపదం’ కావొద్దా? కానక్కర్లేదు. ఆ సంధి కడాదులకే, అంటే కడ, చివర, పగలు లాంటి కొన్ని మాటలకే, జరుగుతుంది. కడాదుల్లో పదం లేదు. కైలీ గారు సంధి చెయ్యకుండా వదిలెయ్యడం తెలియక చేసిన పని అని నేను అనుకోను.

అసలు విశేషం పాట బయటికొచ్చాక జరిగింది. ‘సుప్తిఙంతం పదమ్’ అన్నాడు పాణిని. చివర నామానికుండే ప్రత్యయమో, క్రియకుండే ప్రత్యయమో ఏదో ఒకటి ఉంటేనే అది పదం. కైలీ అభిమానులు రెండూ తగిలించారు. పదం నామమైంది, క్రియ అయింది, విశేషణమైంది. చివరికి పలకరింపు కూడా అయింది. ఆ ఏడాది జూన్, అంటే స్వలింగ, ట్రాన్స్ వర్గాలవాళ్ల ప్రైడ్ ఉత్సవాల నెల, ఈ పాటతోనే మోగిపోయింది. సూత్రం ఒక్కటి చాలంటే రెండూ పాటించినవాళ్లను మన వ్యాకరణ తరగతుల్లో నేనింతవరకు చూడలేదు. అక్కడ ఉన్న ఒక్కటి అప్పజెప్పించడానికే బెత్తం కావలసి వచ్చేది.

ఇలాంటి పాట రాగానే ‘ఇందులో అర్థమేముంది?’ అని అడిగే పెద్దలుంటారు. నేనూ ఆ వర్గంవాడినే, అందుకే వాళ్ల తరఫున వెతికాను. క్షేత్రయ్య 17వ శతాబ్దంలో రాసిన శృంగార గీతాల పేరూ పదాలే. నాయిక తన కోరికను తానే నోరారా చెప్పుకుంటుంది. ఈవిడ పదంలోనూ అదే వ్యవహారం: జనం మధ్యలో ఒకణ్ణి చూసింది, వాడి మనసులో ఏముందో తనకు తెలిసిపోయిందంటుంది. తేడా అల్లా కాలప్రమాణంలో ఉంది. క్షేత్రయ్య పదంలో ఒక్క పల్లవికి అభినయం పట్టి తీరిగ్గా ముగించేలోపు కైలీ పాట రెండుమూడు సార్లు అయిపోతుంది. ముద్ర, అంటే పాటలో కవి సంతకంలా వచ్చే పేరు, కూడా లేదు. మువ్వగోపాలుడి చోట వీడియో నిండా ఎర్ర దుస్తులున్నాయి. వయసు మూడు వందల ఏళ్లు దాటితే శృంగారం సాహిత్యమవుతుంది, అంతవరకు అది డాన్స్ పాట. ఈ పాట 2323 దాకా ఓపిక పడితే దీని మీదా పీహెచ్‌డీలు వస్తాయి.

పాటకు వయసు చాలకపోవడం అలా ఉంచండి. పాడినావిడకు వయసు ఎక్కువైందన్న గొడవ ఒకటి నడిచింది. అప్పటికి ఆవిడకు 54. కుర్రకారు కోసం నడిచే రేడియోలు ఈ పాటను పక్కన పెడుతున్నాయని, ఇది వయసు వివక్షేనని బ్రిటన్‌లో విమర్శలు లేచాయి. తర్వాత బీబీసీ రేడియో 1 దాన్ని తన జాబితాలో చేర్చుకుంది. రేడియోవాళ్ల ఇబ్బంది నేను అర్థం చేసుకోగలను. గుండె చప్పుడు గురించి పాడే హక్కు ఇరవై ఏళ్లవాళ్లదే. యాభై దాటిన గుండె మౌనంగా, హుందాగా కొట్టుకోవాలి, ఎవరికీ వినబడకూడదు. కానీ డాక్టర్ల లెక్క వేరు. 54 ఏళ్లకు గుండె పదం పదం అనకపోతేనే అంబులెన్స్‌కు ఫోన్ చెయ్యాలంటారు.

వినేవాళ్లు మాత్రం పుట్టినతేదీ అడగలేదు. పుష్కరకాలం తర్వాత ఆవిడను మళ్లీ బ్రిటన్ టాప్ టెన్‌లో కూర్చోబెట్టారు. దాంతో 1980ల నుంచి 2020ల దాకా ఏ దశాబ్దమూ వదలకుండా అక్కడ ఆవిడ పాట ఒకటి ఉన్నట్టయింది. గ్రామీవాళ్లయితే పాప్ డాన్స్ రికార్డింగ్ అని కొత్త విభాగమే తెరిచి, మొట్టమొదటి బహుమతి దీనికే ఇచ్చారు. ఆవిడ అంతకుముందు అందుకున్న గ్రామీ 2004 నాటిది. రెండు గ్రామీల మధ్య ఇరవై ఏళ్లు. క్షేత్రయ్య విళంబకాలం, ఆ నెమ్మది నడక, అంటే ఇదీ.

కాబట్టి నా డిమాండ్ చిన్నదే. ఆ గ్రామీని కొన్నాళ్లు మన నిఘంటువుల పక్కన పెట్టుకోనివ్వాలి. ‘ప’ అక్షరం దగ్గర పెడితే చాలు. ‘పదం మీదేం కాదు, సంస్కృతంది’ అని ఎవరో అంటారని తెలుసు. సరే, పదం వదులుకుంటాను. కానీ అదే ఏడాది సెప్టెంబరులో ఈ పాటతో కలిపి ఆవిడ తెచ్చిన ఆల్బం పేరు ‘టెన్షన్’. అది కూడా మనది కాదంటే మాత్రం ఊరుకోను. ఏ తెలుగింటి తలుపైనా తట్టి అడగండి.