శ్రీ ‘అంతా మామూలే’ గారికి ఒక ఫిర్యాదు

మహారాజశ్రీ ‘అంతా మామూలే’ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి.

ఆ మాట రాసేశాక గానీ గుర్తు రాలేదు, అది తమరి తాతగారి పేరని. ఉత్తరాలు నడిచిన కాలంలో మొదటి పంక్తి ఆయనదే. రాసేవాడికి ఇటు జ్వరం, చదివేవాడికి అటు అప్పుల బాధ, మధ్యలో పెద్దాయన మాత్రం ‘ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాను’ అంటూ చిద్విలాసంగా కూర్చునేవాడు. అయినా ఆయనలో ఒక మర్యాద ఉంది. ‘ఉపరి’ అన్నాడు. ఆ పైన చెప్పాల్సింది ఇంకా ఉందని ఒప్పుకున్నాడు. తమరికి ఆ పైన ఏమీ ఉండదు. తమరితోనే సరి. ఈ మధ్య ‘అంతా’ కూడా రాలిపోయి ఒట్టి ‘మామూలే’ మిగిలింది. ఇంకో పదేళ్లకు ముక్కుతో ‘ఊఁ’ అంటే సరిపోతుందేమో.

తమరి పూర్వాపరాలు విచారించాను. పుట్టుక అరబ్బీ. వాడుకగా జరిగేది అని అర్థం. పారసీ, ఉర్దూల మీదుగా వచ్చి మా నోట్లో కాపురం పెట్టారు. వచ్చినవారు ఊరుకోక ఇంకో ఉద్యోగం కూడా చూసుకున్నారు, బల్ల కింద చెయ్యి చాపే ‘మామూలు’. ఈ రెండు ఉద్యోగాలకూ సంబంధం లేదని చాలాకాలం అనుకున్నాను. ఉంది. రెండు చోట్లా పని ఒకటే. అడిగినవాడి చేతిలో ఏదో ఒకటి పెట్టి, ఫైలు తెరవకుండా పంపించెయ్యడం.

ఇక ఫిర్యాదు. నవంబరులో ఒక ఆదివారం నా స్నేహితుడు ఫోన్ చేశాడు. ఎనిమిది నెలల తర్వాత.

‘ఏరా, ఏంటి విశేషాలు?’

‘ఏముంటాయిరా, అంతా మామూలే. నీ సంగతి?’

‘నాదీ అంతే.’

పది సెకన్లు పట్టి ఉంటుంది. ఇద్దరివీ కలిపి పదహారు నెలల బతుకు, పది సెకన్లలో ఫైసలా. ఆ తర్వాత నలభై మూడు నిమిషాల సేపు మేం చంక గురించి మాట్లాడుకున్నాం.

చంక అంటే చంకే, వేరే అర్థం లేదు. ఫుట్‌బాల్‌లో తోటివాడు బంతి వేసే క్షణానికే అవతలి జట్టు కాపలాను దాటి గోల్ వైపు నిలబడి ఉంటే ఆఫ్‌సైడ్, తప్పన్నమాట. అది చూసేటప్పుడు చేతులు లెక్కలోకి రావు. గోల్ కొట్టడానికి పనికొచ్చే అవయవాలే లెక్క. మరి భుజం ఎక్కడ అయిపోతుంది, చెయ్యి ఎక్కడ మొదలవుతుంది? నియమాలు రాసే పెద్దలు కూర్చుని 2020లో తేల్చారు: చంక అడుగుకు సమానంగా గీత గీస్తే, ఆ పైదంతా భుజం, కిందదంతా చెయ్యి. బొమ్మ కూడా వేసి చూపించారు. ఇప్పుడు వీడియో రిఫరీ చీకటి గదిలో తెర ముందు కూర్చుని ఆ చంక నుంచి గీత లాగుతాడు. స్టేడియం మొత్తం ఊపిరి బిగబట్టుకుని చూస్తుంది. ఆ శనివారం మా జట్టు గోల్ ఒకటి అలాగే పోయింది. ఆ గీత మందం ఎంత, ఏ క్షణంలో బంతి కాలిని వదిలినట్టు లెక్క, ఆ ఆటగాడు ముందు రోజు చొక్కా ఒక సైజు చిన్నది వేసుకుని ఉంటే ఏమయ్యేది... ఇద్దరం గొంతు పోయేలా వాదించుకున్నాం. మనిషి తలుచుకుంటే ఎంత నిశితంగా చూడగలడో, ఎంత ఓపిగ్గా అడగగలడో ఆ నలభై మూడు నిమిషాలే సాక్ష్యం. ఒకడి చంక మీద.

వాడూ నేనూ ఆటలు ఇలాగే చూస్తాం, వాడు వాడింట్లో, నేను మా ఇంట్లో, మధ్యలో ఫోను. 2022 డిసెంబర్ 18 నాటి ప్రపంచకప్ ఫైనల్ కూడా అంతే. అర్జెంటీనా 2-0 ఆధిక్యంలో ఉంది, ఇంకో పది నిమిషాలు గట్టెక్కితే చాలు. ఫ్రాన్స్ ఆటగాడు ఎంబాపే రెండు నిమిషాలు తిరక్కుండా రెండు కొట్టాడు. అదనపు సమయం అయ్యేసరికి 3-3, ఫ్రాన్స్‌వి మూడూ అతనివే. పురుషుల ఫైనల్లో 1966 తర్వాత మళ్లీ హ్యాట్రిక్ అప్పుడే. నాకొచ్చే ప్రసారం వాడి కంటే అర నిమిషం వెనక. వాడు అరిచాక గానీ నా తెర మీద బంతి కదలదు. పెనాల్టీలన్నీ ఫలితం తెలిసే చూశాను, 4-2తో సహా. ‘కాస్త నోరు మూసుకుని చూడరా బాబూ’ అని బతిమాలాను. ఆ రోజు వాడికి చేతకాలేదు. తర్వాత నేర్చుకున్నాడు, తమరి దయవల్ల.

ఇప్పుడు నా ‘మామూలే’ కింద ఏముందో మనవి చేసుకుంటాను.

మా పిల్లి పేరు ఆఫ్‌సైడ్. ఆ పేరు వాడే పెట్టాడు, తలుపుకు ఎప్పుడూ ఉండకూడని వైపే ఉంటుందని. పద్నాలుగేళ్లు. ఈ వేసవిలో దాని నీళ్ల గిన్నె రోజుకు రెండుసార్లు ఖాళీ కావడం మొదలైంది. నీళ్లు బాగా తాగుతోంది, ఆరోగ్యానికి మంచిదే కదా అని మురిసిపోయాను కూడా. తర్వాత బరువు తగ్గింది. డాక్టరు రక్తం తీసి చూసి, కిడ్నీలు బయటికి పంపాల్సిన మురికి, క్రియాటినిన్, 3.4 ఉంది, కిడ్నీ జబ్బు నాలుగు దశల్లో మూడోది అంది. కిడ్నీల పనిలో ముప్పాతిక వంతు దాకా పోతే గానీ ఆ అంకె లేవదట. అంటే ఎన్ని నెలలుగానో అది లోపల్లోపల కరిగిపోతూ, పైకి మాత్రం నా ఒళ్లో పడుకుని గురగురమంటోంది. పిల్లులు జబ్బును బయటపెట్టవు. సంతోషానికే కాదు, నొప్పికి కూడా గురగురమంటాయి. 25 నుంచి 150 హెర్ట్జ్ మధ్య అవి జపిస్తున్నది తమరి నామమేనని నాకిప్పుడు తెలిసింది. తమరి భక్తకోటిలో నాలుగు కాళ్లవాళ్లు కూడా ఉన్నందుకు అభినందనలు.

అప్పటి నుంచి రోజు విడిచి రోజు వంద మిల్లీలీటర్ల సెలైన్ నేనే ఎక్కిస్తున్నాను. మెడ వెనక తోలును గుడారంలా పైకి లాగి, ఆ ఖాళీలోకి సూది. మొదటిసారి సూది ఒక పక్క దూరి రెండో పక్క బయటికొచ్చింది. పిల్లికి చుక్క ఎక్కలేదు, నా ప్యాంటుకు వందా ఎక్కింది. రెండోసారి నా చేతులు వణకడం చూసి అదే జాలిపడి కదలకుండా కూర్చుంది. ఎక్కించాక భుజాల మధ్య మూపురం లేస్తుంది. కాసేపటికి ఆ నీరు చర్మం కిందే జారి ముందుకాలి దగ్గరికి చేరుతుంది. మూడు కాళ్లు పిల్లివి, ఒకటి పహిల్వాన్‌ది. ఆ అవతారంతోనే కిటికీ గట్టెక్కి, దీనికంతటికీ కారణం నేనేనన్నట్టు చూస్తుంది. రాత్రి పూట లేచి అది ఊపిరి తీస్తోందో లేదో చూసి పడుకుంటున్నాను. రెండుసార్లు. ఒక్కోరోజు మూడు.

ఇదీ అంతా మామూలే.

ఇంకోటి ఉంది, మార్చిలో కచేరీ. ఇద్దరికీ పాతికేళ్ల నుంచి ఇష్టమైన బ్యాండు, ఫుట్‌బాల్ స్టేడియంలోనే. రెండు టికెట్లు తీశాను. ఆ సాయంత్రం నాలుగింటికి వాడు ఫోన్ చేసి ‘కొంచెం పని పడిందిరా, నువ్వెళ్లు’ అన్నాడు. ఏం పని అని నేను అడగలేదు, వాడు చెప్పలేదు. ఒక్కడినే వెళ్లాను, మూతి ముడుచుకుని.

గడ్డి మీద పలకలు పరిచి జనాన్ని నిలబెట్టారు. వేదిక ఒక గోల్‌పోస్టు ఉండే చోట, నాకు దొరికిన జాగా రెండో వైపు, సుమారుగా పెనాల్టీ స్పాట్ మీద, అంటే గోల్ గీతకు 11 మీటర్ల ఇవతల. మైదానం పొడవు 105 మీటర్లు, అందులో 11 తీసెయ్యండి, నాకూ డ్రమ్ములకూ మధ్య 94. శబ్దం సెకనుకు 343 మీటర్లే నడుస్తుంది కాబట్టి, డ్రమ్మరు కర్ర పడ్డాక పావు సెకను పైచిలుకు ఆగితే గానీ దెబ్బ నా దాకా రాదు. నా పక్కనే ఉన్న స్పీకర్లను కూడా కావాలనే అంత ఆలస్యంగా మోగిస్తారు, ముందు నుంచి నడిచొచ్చే శబ్దంతో కలిసిపోవాలని. మళ్లీ అదే నా యోగం, కళ్ల ముందు ఎప్పుడో జరిగిపోయినదాన్ని తర్వాత వినడం.

చివరి పాటలో కరెంటు పోయింది. దీపాలున్నాయి, మైకులు లేవు. జనమే అందుకున్నారు. ముందువాళ్లు చరణం ముగించేసరికి వెనకవాళ్లం ఇంకా చివరి మాట మీదే ఉన్నాం. పాటకు తోక మొలిచి స్టేడియం అంతా చుట్టుకుంది. ముక్కూ మొహం తెలియని ఒకావిడ నా భుజం పట్టుకుని ఏడుస్తోంది. నేనూ ఏడ్చాను, అబద్ధమెందుకు. ఇంటికొచ్చాక రెండు రోజులు చెవుల్లో ఈల మోగింది. ఇలాంటి చోట్ల పావుగంట సగటు వంద డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది, లోపలి చెవిలో కణాలు ఒకసారి పోతే మళ్లీ మొలవవు గనక. ఆ మాట స్పీకర్లకు ఎవరూ చేరవేసినట్టు లేదు.

మర్నాడు వాడు ‘ఎలా జరిగింది?’ అని మెసేజ్ పెట్టాడు. నేను ‘బాగుంది’ అని పంపాను. ఆ ‘బాగుంది’ అనే పిల్ల తమరి చెల్లెలే కదూ? మిగిలిపోయిన రెండో టికెట్‌ను కోర్టులో సాక్ష్యంలా పర్సులో దాచుకున్నాను. ఎనిమిది నెలలు ఫోన్ చెయ్యకపోవడానికి కారణం అదే. అడిగితే మాత్రం ‘తీరిక లేదు’ అని ఉండేవాణ్ణి.

ఇక ఆ ఆదివారం. చంక గురించి వాదన ముదిరి, వాడు ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. అప్పుడు వినపడింది నాకు, ఏమీ వినపడకపోవడం. వాడి కుక్కకు ఫోనంటే గిట్టదు. వాడు ఎవరితో మాట్లాడినా పక్కకొచ్చి తగాదా పెట్టుకుంటుంది. పన్నెండేళ్లుగా మా మాటలన్నిటికీ అది వెనక వంత.

‘వాడేడిరా? గొంతు లేదేంటి?’

‘పోయాడురా.’

‘ఎప్పుడు?’

‘మార్చిలో.’ కాసేపాగి అన్నాడు, ‘నీ కచేరీ రోజే.’

కడుపులో గడ్డ పగిలిందట. ఆ రోజు మధ్యాహ్నం దాకా బాగానే ఉండి, ఉన్నట్టుండి చతికిలబడిందట. ఆసుపత్రిలో ఇక నిద్రపుచ్చడమే మంచిదన్నారు. నాకు ఫోన్ చేసింది అక్కడి వరండాలోంచే.

‘సూది వేశాక కళ్లు మూసుకుంటాడనుకున్నానురా. మూసుకోరట. నేనే రెండుసార్లు మూశాను. మళ్లీ తెరుచుకున్నాయి. ఇప్పటికీ బయటి తలుపు తీసేటప్పుడు కాలు అడ్డం పెడుతున్నాను, వాడు ఉరుకుతాడేమోనని.’

‘మరి చెప్పలేదేంరా?’

‘నువ్వు కచేరీకి బయల్దేరుతున్నావు కదా. తర్వాతేమో సందు దొరకలేదు.’

విన్నారా? సందు దొరకలేదట. పెద్దమనుషులం ఇద్దరం ముక్కూ మొహం తెలియని ఒక ఆటగాడి చంక సందులో ముప్పావుగంట దూరి కూర్చోగలిగాం గానీ, కుక్క పోయిందని చెప్పుకోవడానికి మాకు సందు లేకపోయింది. ఆ ద్వారం దగ్గర తమరు నిలబడి ఉన్నారు మరి, చేతులు కట్టుకుని, వినయంగా.

తమరిని పూర్తిగా వెలివేయమని నేను కోరడం లేదు. లిఫ్టులో మొహం తప్ప పేరు గుర్తురాని మనిషి పలకరిస్తే తమరే దిక్కు. నోట్లో మూడు పనిముట్లు పెట్టి ‘ఎలా ఉన్నారు?’ అనే పళ్ల డాక్టరుకు జవాబు చెప్పాలంటే అంతకన్నా పెద్ద మాట పట్టదు కూడా. నిజంగా ఏమీ జరగని నెలలూ ఉంటాయి. వాటిని తమరే ఏలుకోండి. పిల్లిని కూడా తమరికే వదిలేస్తాను, దాని రక్తం నేను చదువుకుంటాను.

మా ఇద్దరి మధ్యకు మాత్రం రావద్దు. మేం ఒక ఏర్పాటు చేసుకున్నాం. 1970 ప్రపంచకప్‌లో పసుపు, ఎరుపు కార్డులు తొలిసారి వచ్చాయి, రిఫరీ భాష రాని ఆటగాడికి కూడా విషయం తెలిసేలా. పసుపు అంటే హెచ్చరిక, ఎరుపు అంటే బయటికి. మా కష్టమూ భాషకు సంబంధించిందే కాబట్టి అవే వాడుతున్నాం. ఎవరి నోట తమరి పేరొచ్చినా రెండోవాడు ‘పసుపు’ అనాలి. రెండు పసుపులైతే ఆ ఆదివారం ఫుట్‌బాల్ ఊసెత్తకూడదు.

అదేమంత గొప్పగా సాగడం లేదు. మొదటి వారమే నాకు రెండు పడ్డాయి. ఫుట్‌బాల్ లేకుండా ఏం మాట్లాడుకోవాలో తెలియక చాలాసేపు ఒకరి ఊపిరి ఒకరం విన్నాం. చివరికి వాడే అడిగాడు, ‘సూది ఏ కోణంలో పెడుతున్నావురా?’ అని. చెప్పాను. అలా కాదన్నాడు. కుక్కకు చివర్లో వాడూ సెలైన్ ఎక్కించేవాడట, అది కూడా నాకు అప్పుడే తెలిసింది. సీసాను కాసేపు గోరువెచ్చటి నీళ్లలో ఉంచు, ఒంట్లోకి చల్లగా దిగితే వాటికి నచ్చదు అన్నాడు. ఉంచుతున్నాను.

ఇట్లు,
చెవిలో ఇంకా కొంచెం ఈలతో,
తమ మాజీ విధేయుడు.

తా.క.: ఆఫ్‌సైడ్ తలుపు దగ్గర కూర్చుని అరుస్తోంది. తలుపు తీసే ఉంది. వెళ్లి చూడాలి.