రచ్చ గెలిచిన హీట్ పంపు

ఇంగ్లండులో ఇంటికి హీట్ పంపు, అంటే బయటి వేడిని కరెంటుతో లాగి ఇంటిని వెచ్చబరిచే పెట్టె, పెట్టించుకుందామనుకునే పౌరుడి మీద సర్కారు చూపించే ప్రేమ అంతా ఇంతా కాదు. 2028 నాటికి ఏటా 6 లక్షల పంపులు బిగించాలని లక్ష్యం పెట్టుకుంది. గాలిలోంచి వేడి లాగే పంపుకు ఇంటిని వేడిచేసే పాత బాయిలర్‌ను మార్పించే బాయిలర్ అప్‌గ్రేడ్ స్కీము కింద 2022లో 5,000 పౌండ్లు ఇస్తానంది. జనం పెద్దగా కదల్లేదు. 2023 అక్టోబరు 23 నుంచి దాన్ని 7,500 చేసింది. 2027 మార్చి 31 దాకా బిగింపు మీద వ్యాటు సున్నా. ఇంత ఇచ్చిన సర్కారుకు ఒకటే కోరిక: ఆ పెట్టె పెరట్లో ఉన్న సంగతి ఎవరి కంటా పడకూడదు, ఎవరి చెవినా పడకూడదు. ఇల్లు వెచ్చబడిందా లేదా అన్నది సంసారుల గుట్టు. పెద్దమనుషులు అందులో తలదూర్చరు.

ముందు కొలతల సంగతి. 2025 మే 29కి ముందు బయటి పెట్టె 0.6 ఘనపు మీటర్లు దాటకూడదు, పొరుగువాళ్ల సరిహద్దుకు కనీసం ఒక మీటరు ఎడం ఉండాలి. దాటితే కౌన్సిల్ నుంచి ప్లానింగ్ పర్మిషన్ తెచ్చుకోవాల్సిందే. వరసగా అతుక్కుని కట్టిన టెర్రస్ ఇళ్లలో పెరడే నాలుగైదు మీటర్లుంటే, రెండు పక్కలా చెరో మీటరు వదిలాక మిగిలేది చెత్తడబ్బాల చోటు. ఇప్పుడు ఇళ్లకు ఆ మీటరు ఎత్తేశారు, పరిమాణం 1.5 ఘనపు మీటర్లకు పెంచారు, విడిగా ఉన్న ఇంటికైతే రెండు పంపులు పెట్టుకోనిచ్చారు. కాకపోతే ఆ 1.5లో పెట్టె మీది తొడుగు కూడా లెక్కలోకొస్తుంది. ఇంటి అందం వీలైనంత చెడకుండా పెట్టాలని ఇంకో షరతుంది. అందం కోసం చెక్క తొడుగు వేస్తే కొలత పెరుగుతుంది. కొలత కోసం బిగుతుగా వేస్తే పంపు తాను వదిలిన చల్లగాలిని తానే మళ్లీ పీల్చుకుని కరెంటు తాగుతుంది. రెండు షరతులూ విడివిడిగా చదివితే ఎంతో సబబుగా ఉంటాయి.

చట్టం వదిలేసిన మీటరును ప్రొపేన్ పట్టుకుంది. కొత్త మోడళ్లలో చాలావాటిలో వేడిని మోసే వాయువు ఆర్290, అంటే ప్రొపేనే. గాలికన్నా బరువైంది, లీకైతే నేలబారున పాకుతుంది. అందుకే తయారీదారులు పెట్టె చుట్టూ మోడల్‌ను బట్టి ఇంచుమించు మీటరు మేర గీత గీస్తారు. ఆ గీత లోపల తలుపు, తెరుచుకునే కిటికీ, డ్రెయిను ఉండకూడదు. గీత పక్కవాళ్ల స్థలంలోకీ పోకూడదు. ప్రభుత్వ ప్రకటన చదివి గోడవారకు జరిపిన పెట్టె, మాన్యువల్ చదివాక మళ్లీ నడిమధ్యకు వస్తుంది.

ఇక చప్పుడు. ఈ విషయంలో పంపులకూ బిగించేవాళ్లకూ గుర్తింపునిచ్చే ఎంసీఎస్ వారి ఎంసీఎస్ 020 అనే ప్రమాణాన్ని చేతులెత్తి మొక్కాలి. పక్కింట్లో మనుషులు మసలే గది కిటికీకి ఒక మీటరు బయట 42 డెసిబెల్స్ మించకూడదని ఏళ్లతరబడి నియమం. ఆ లెక్కలో పరిసరాల చప్పుడు 40 అని ముందే వేసేశారు. హైవే పక్క ఇల్లయినా, గొర్రెల మంద తప్ప ఏమీ లేని పల్లె అయినా 40యే. సమానత్వమంటే అది. 40కి పంపు తాలూకు 37 కలిపితే, డెసిబెల్స్ మామూలు కూడికలో కలవవు కాబట్టి, 42 దగ్గర ఆగుతుంది. 2025లో ఆ ఊహాచప్పుడు తీసేసి పరిమితి 37 అన్నారు. నియమం కఠినమైందని కొందరు, సడలిందని కొందరు వాదించుకున్నారు. రెండూ కాదు, పంపు మోగే హద్దు ఎక్కడుందో అక్కడే ఉంది.

లెక్క చేసి చూద్దాం. స్పెసిఫికేషన్‌లో 58 డెసిబెల్స్ సౌండ్ పవర్ (యంత్రంలో పుట్టే మొత్తం చప్పుడు) రాసున్న పంపు. పక్కింటి కొలత బిందువు నాలుగు మీటర్ల దూరం. కింద నేల, వెనక గోడ, అంటే శబ్దం తిరగగొట్టే తలాలు రెండు. ఈ దూరానికి, ఈ తలాలకు 17 తీసేస్తే 41, హద్దేమో 37. తప్పింది. అదే పెట్టెను చూపుకు ఒద్దికగా ఉంటుందని రెండు గోడల మూలకు నెడితే తలాలు మూడవుతాయి, ఇంకో 3 పెరిగి 44. మూలన పెడితే చప్పుడు తగ్గుతుందనుకునేవాళ్లు ఇక్కడే బోర్లా పడతారు. మరి మందు? సందుల్లేని గట్టి కంచె. కిటికీ దగ్గరి బిందువు నుంచి పెట్టె అసలు కనబడకపోతే 10 మాఫీ. 25 సెంటీమీటర్లు అటూ ఇటూ జరిగి చూస్తే అంచు కనబడుతుందా, 5 మాఫీ. ఆ 5తో మన 41 కాస్తా 36 అయి గట్టెక్కుతుంది. ఇంత శాస్త్రంలో ఇంటి యజమాని సొంత పడకగది కిటికీ మాత్రం ఎక్కడా రాదు. పొరుగువాడి నిద్ర చట్టం చూసుకుంటుంది, మన నిద్ర మనం చూసుకోవాలి.

వారసత్వ కట్టడాలుగా జాబితాకెక్కిన లిస్టెడ్ భవనాలకు ఈ సౌకర్యాలేవీ లేవు, అనుమతి అడగాల్సిందే. పాత రూపు చెడకుండా కాపాడే కన్జర్వేషన్ ఏరియాలో రోడ్డు వైపు గోడకు పెట్టకూడదు. వాలు కప్పు మీద కూడదు. చదును కప్పయితే అంచు నుంచి మీటరు లోపలికి. ఎందుకైనా మంచిదని పని చట్టబద్ధమేనని కౌన్సిల్ రాసిచ్చే లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ తీసుకుంటే, ఇల్లు అమ్మేరోజు కొనేవాళ్ల సొలిసిటర్ నోరు మూయించవచ్చు.

గ్రాంటు మన చేతికి రాదు. ఎంసీఎస్ గుర్తింపున్న ఇన్‌స్టాలరే గ్యాస్, కరెంటు నియంత్రణ సంస్థ ఆఫ్‌జెమ్‌కు అప్లై చేస్తాడు, 7,500 బిల్లులో తగ్గిస్తాడు. మనం చేయాల్సింది ఆఫ్‌జెమ్ ఈమెయిల్‌కు ఔనని జవాబివ్వడం. అది స్పామ్‌లో నిద్రపోతుంటే అప్లికేషనూ నిద్రపోతుంది. ఆఫ్‌జెమ్ ఇచ్చే గ్రాంటు వోచర్‌కు ఆయుష్షు మూడు నెలలు. ప్లానింగ్ పర్మిషన్ మీద కౌన్సిల్ నిర్ణయానికి చట్టం ఇచ్చిన గడువు 8 వారాలు. వోచర్ ముందు తీసుకుని పర్మిషన్‌కు తర్వాత పరిగెత్తేవాళ్లకు బిగింపుకు మిగిలేది నెల, అదీ కౌన్సిల్ మాట మీద నిలబడితే. పాత గ్యాస్ బాయిలర్ కూడా ఉంచుకుందాం అంటే కుదరదు, హైబ్రిడ్‌కు పైసా రాదు. స్కాట్లాండు దారి వేరు: 7,500 గ్రాంటు, అంతే మొత్తం వడ్డీలేని అప్పు. కానీ పని మొదలెట్టే ముందే ఆఫర్ లెటర్ చేతిలో ఉండాలి.

ఇంత గెలిచి పంపు ఇంట్లోకి అడుగుపెడుతుంది. అక్కడ దానికోసం కాచుకుని ఉన్నవి వేడినీళ్లతో గదుల్ని వెచ్చబరిచే పాత రేడియేటర్లు. కేటలాగులో ఇంకా వేడి నీళ్ల లెక్కన 1000 వాట్లని రాసిన రేడియేటరు, 45 డిగ్రీల నీళ్లు లోపలికెళ్లి 40తో బయటికొచ్చే పద్ధతిలో, 20 డిగ్రీల గదికి ఇచ్చేది సుమారు 350 వాట్లు. పైగా బాయిలర్ నీళ్లు 20 డిగ్రీలు చల్లబడి తిరిగొచ్చేవి, పంపువి 5 డిగ్రీలే. అంటే అదే వేడికి నాలుగింతల నీళ్లు పారాలి. 6 కిలోవాట్లకు నిమిషానికి 17 లీటర్లు. వాటిని నేలకింది 10 మిల్లీమీటర్ల సన్నగొట్టాల్లోంచి తోస్తే గొట్టాలు ఈలవేస్తాయి, చివరి గది గజగజలాడుతుంది. గదిగదికీ ఉష్ణనష్టం లెక్కగట్టాలని ఎంసీఎస్‌లో ఉందండోయ్. లెక్కా కడతారు, ఫైల్లోనూ పెడతారు. రేడియేటర్లు మార్చమంటే కొటేషన్ పెరిగి బేరం పోతుందని, నీళ్లు 55 దగ్గర స్థిరంగా పెట్టేసి, బయటి చలిని బట్టి నీళ్ల వేడిని సర్దే వెదర్ కాంపెన్సేషన్ ఆపేసి వెళ్లిపోయేవాళ్లూ ఉన్నారు. గది వెచ్చగానే ఉంటుంది. ఆ వెచ్చదనం బిల్లు చూశాక వచ్చిందో, రేడియేటర్ నుంచి వచ్చిందో తేల్చడం కష్టం.

ఆ బిల్లు గణితం ఇది. గ్రాంటుకు పంపు ఏడాది సగటు సామర్థ్యం 2.8 ఉంటే, అంటే ఒక యూనిట్ కరెంటుకు 2.8 యూనిట్ల వేడి ఇస్తే చాలు. 2025 ధరల్లో కరెంటు యూనిట్ గ్యాస్ యూనిట్‌కు దాదాపు నాలుగింతలు. పాత బాయిలర్ 88 శాతం సామర్థ్యంతో నడిచిందనుకుంటే, ఖర్చు సమానం కావడానికే పంపు 3.5 ఇవ్వాలి. సర్కారు పాస్ మార్కు 2.8, మీ జేబు పాస్ మార్కు 3.5. మధ్యలోని 0.7ను పర్యావరణం పద్దులో రాసుకోవచ్చు. లేదా సంతకం పెట్టకముందే, డిజైన్‌లో నీటి ఉష్ణోగ్రత ఎంత, ఏ గదికి ఏ రేడియేటరు, గొట్టం సైజెంత అని ఇన్‌స్టాలర్ చేత కాగితం మీద రాయించుకోవచ్చు. గ్యాస్ మీటరు తీయించేస్తే వాడినా వాడకపోయినా కట్టే దాని స్టాండింగ్ చార్జీ కూడా పోతుంది.

చలికాలంలో పంపు తన మీద పేరుకున్న మంచును తానే కరిగించుకుంటుంది, నీళ్లు కిందికి కారతాయి. వాటికి కింద కంకర గుంత తవ్వించాలి, లేదంటే మురుగు గొట్టానికి కలపాలి. కలపకపోతే అవి నడకదారి మీదికి పారి తెల్లారేసరికి అద్దంలా గడ్డకడతాయి. కంప్లైంటు ఇద్దామని అటుగా వచ్చిన పక్కింటాయన జారిపడితే, ఆ చప్పుడుకు ఎంసీఎస్ 020లో పరిమితి లేదు.