ఫార్టీ టైము చూసి లైన్‌బ్యాకర్‌ని తూచేవాళ్ళకి

అమెరికన్ ఫుట్‌బాల్‌లో లైన్‌బ్యాకర్ అంటే డిఫెన్స్‌లో ముందు వరస వెనక నిలబడి, బంతి తెచ్చేవాణ్ణి ఆపే ఆటగాడు. మోకాలి ఆపరేషన్ అయిన అలాంటి కుర్రాడు 'ఫార్టీ', అంటే 40 గజాలు, 4.5 సెకన్లలో పరిగెత్తిన వీడియో ఒకటి బయటికొస్తుంది. కింద అందరూ "సెట్ అయిపోయాడు, ఫస్ట్ రౌండ్ ఖాయం" అని తీర్పులు రాసేస్తారు. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ టీములు కాలేజీ కుర్రాళ్ళని రౌండ్లవారీగా ఎంచుకోవడం, ఒక్కో ఎంపిక ఒక 'పిక్') దగ్గరపడితే ఏటా ఇదే తంతు. ఇంకో బ్యాచ్ ఉంది, "ఏసీఎల్ (మోకాలి మధ్యలో ఉండే లిగమెంట్) పోయిందా, ఇంక వాడి పని అయిపోయినట్టే" అని ముందే దినం పెట్టేసేవాళ్ళు. గొంతులు వేరైనా ఇద్దరి లెక్కా ఒకటే. కుర్రాడి ఒంట్లో ఏం తిరిగొచ్చిందో, ఏం రాలేదో వాళ్ళిద్దరికీ అక్కర్లేదు.

అసలు విషయం ఏంటంటే, బాగుపడిన మోకాలికి అన్నిటికంటే ముందు తిరిగొచ్చేది తిన్నగా పరిగెత్తడం. లైన్‌బ్యాకర్ ఉద్యోగంలో చాలా తక్కువగా అవసరపడేదీ అదే.

లైన్‌బ్యాకర్ స్నాప్‌కి (బంతి అందించి ఆట మొదలుపెట్టే క్షణానికి) ముందు లైన్ వెనక నాలుగైదు గజాల దూరంలో నిలబడతాడు. చాలా స్కీముల్లో కళ్ళు ఎదుటి గార్డ్ (అవతలి జట్టు ముందు వరసలో అడ్డుకునేవాడు) మీద ఉంటాయి. గార్డ్ ముందుకి తోసుకొస్తే రన్ (బంతితో పరుగు), వెనక్కి లేచి నిలబడితే పాస్ (బంతి విసరడం), పక్కకి పుల్ అయితే ఆటంతా అటు వెళ్తోందన్నమాట. ఆ మొదటి అడుగు చూసి తన మొదటి అడుగు వేస్తాడు. రెండు మూడు గజాలు దూకి, ఆగి, పక్కకి జరిగి, మీదికొచ్చే మూడు వందల పౌన్ల మనిషిని చేత్తో తప్పించి, మళ్ళీ ఆగి, టాకిల్ చెయ్యాలి, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి పడెయ్యాలి. పాస్ అయితే తుంటి తిప్పి పది పన్నెండు గజాలు వెనక్కి జారాలి. పూర్తి 40 గజాలు పరిగెత్తే సందర్భం మ్యాచ్‌కి ఒకటో రెండో వస్తుంది, అదీ సాధారణంగా ఆట అప్పటికే చెయ్యి దాటిపోయాక.

అంటే వాడి అన్నం బ్రేకుల మీద ఆధారపడి ఉంది. ఏసీఎల్ ఎక్కువగా తెగేది కూడా బ్రేకు వేసే క్షణంలోనే, కాలు నాటి దిశ మార్చేటప్పుడు. ఆ లిగమెంట్ స్థానంలో గ్రాఫ్ట్ (వేరే చోటునుంచి తీసిన టెండన్) పెట్టాక తొడ ముందు కండరం చాలాకాలం సగం మనసుతో పనిచేస్తుంది. ముఖ్యంగా మోకాలిచిప్ప కింది టెండన్ నుంచి గ్రాఫ్ట్ తీసినప్పుడు, ఒంటి బరువుని ఆపాల్సిన ఆ కండరానికే రెండు దెబ్బలు తగిలినట్టు. తొడ వెనక హ్యామ్‌స్ట్రింగ్ నుంచి తీస్తే మోకాలు బాగా మడిచినప్పటి బలం తగ్గుతుంది, అది పూర్తి వేగంలో తెలుస్తుంది. శవదానం నుంచి తెచ్చిన గ్రాఫ్ట్ అయితే ఇరవై ఏళ్ళ ఆటగాడికి మళ్ళీ తెగే అవకాశం ఎక్కువ. కాబట్టి "ఏసీఎల్ సర్జరీ అయింది" అన్న ఒక్క ముక్కతో ఏమీ తేలదు. ఏ గ్రాఫ్ట్, మెనిస్కస్ (మోకాలి ఎముకల మధ్య ఉండే మెత్త) కూడా చిరిగిందా, మృదులాస్థి ఎలా ఉంది, నరం బాగుందా? ఈ నాలుగూ అడగనివాడి అంచనాకి విలువ లేదు.

నరం సంగతి వేరే కథ. జేలన్ స్మిత్‌ని గుర్తు తెచ్చుకోండి. నోటర్ డేమ్ యూనివర్సిటీ లైన్‌బ్యాకర్, ఆ ఏడాది మొదటి ఐదుగురిలో పోతాడన్నారు. 2016 జనవరి 1న ఒహాయో స్టేట్‌తో ఫియెస్టా బౌల్‌లో ఏసీఎల్, మోకాలి బయటి పక్కనుండే ఎల్‌సీఎల్ రెండూ తెగాయి. వాటికంటే పెద్ద దెబ్బ పెరోనియల్ నరానికి తగిలింది. ఈ నరం మోకాలి పక్కనుంచి పిక్క ముందు వైపుకి వెళ్ళి పాదాన్ని పైకి లేపుతుంది. అది పనిచెయ్యకపోతే పాదం వేలాడిపోతుంది. లిగమెంట్‌కి ఆపరేషన్ ఉంది, క్యాలెండర్ ఉంది. నరానికి క్యాలెండర్ లేదు. పెరిగితే రోజుకి మిల్లీమీటరు చొప్పున, నెలకి అంగుళం. ఏడాది, ఏడాదిన్నరలో కండరాన్ని చేరకపోతే ఆ కండరమే నరం మాట వినడం మానేస్తుంది. చాలా టీములు వెనక్కి తగ్గాయి. ఆపరేషన్ చేసింది డాలస్ కౌబాయ్స్ టీమ్ డాక్టరే కాబట్టి వాళ్ళకి లోపలి సంగతి మిగతావాళ్ళకంటే ఎక్కువ తెలుసు. 34వ పిక్‌లో తీసుకున్నారు. 2016 మొత్తం కూర్చోబెట్టారు, 2017లో పాదానికి బ్రేస్‌తో ఆడించారు. 2018లో అసలు ఆటగాడు కనిపించాడు. 2019లో 64 మిలియన్ డాలర్ల ఎక్స్‌టెన్షన్ ఇచ్చి, 2021 అక్టోబర్‌లో వదిలేశారు.

దీన్ని "సక్సెస్" అనాలా "ఫెయిల్" అనాలా అని కొట్టుకుంటారు జనం. 34వ పిక్‌కి మూడు సీజన్ల మంచి ఆట వస్తే నా దృష్టిలో అది లాభమే. నష్టం వచ్చింది 2019 కాంట్రాక్ట్ దగ్గర. అక్కడ వాళ్ళు తూచింది టాకిళ్ళని.

అదే డ్రాఫ్ట్‌లో, రెండు పిక్‌ల తర్వాత, మైల్స్ జాక్. యూసీఎల్‌ఏలో 2015 సెప్టెంబర్‌లో మెనిస్కస్ చిరిగింది. ఏసీఎల్ కంటే చిన్న గాయంలా వినిపిస్తుంది కదా? కానీ డాక్టర్లు భయపడింది ఎముక చివర ఉండే మృదులాస్థి గురించి. ముందుముందు మైక్రోఫ్రాక్చర్ (మృదులాస్థి కోసం ఎముకకి చిన్న చిల్లులు పెట్టే ఆపరేషన్) అవసరం పడొచ్చన్న మాట బయటికి రాగానే టాప్ టెన్ కుర్రాడు 36వ పిక్‌కి జారిపోయాడు. తీరా చూస్తే మొదటి ఏడాది 16 మ్యాచ్‌లూ ఆడాడు, జాక్సన్‌విల్‌లో ఆరు సీజన్లు ఉన్నాడు. ఇందులో గమనించాల్సిందొకటుంది. మెనిస్కస్‌ని కుడితే నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. చిరిగిన ముక్క కత్తిరించేస్తే ఆరు వారాల్లో మైదానంలో ఉంటాడు. ఫ్యాన్స్‌కి రెండోదే శుభవార్తలా వినిపిస్తుంది. అయిదేళ్ళు ఆడాల్సిన మోకాలికి మాత్రం మొదటిదే మంచిది. త్వరగా తిరిగొచ్చాడన్న వార్త విని సంబరపడేముందు ఏం కత్తిరించారో అడగాలి.

ఇప్పుడు "డాక్టర్లు క్లియర్ చేశారు" అన్న మాట దగ్గరికొద్దాం. క్లియర్ చెయ్యడానికి మామూలుగా వాడే కొలత రెండు కాళ్ళ పోలిక. ఒంటికాలి మీద ముందుకి గెంతించి, గాయమైన కాలు రెండోదాని దూరంలో 90 శాతం గెంతితే పాస్. దీంట్లో రెండు చిల్లులున్నాయి. మొదటిది, ఎనిమిది నెలలు మంచం, ఊతకర్రలు, జిమ్ము తిరిగేసరికి మంచి కాలు కూడా బలహీనపడి ఉంటుంది. తగ్గిపోయిన కాలితో పోల్చి 90 శాతం అంటే పాత రోజులతో పోలిస్తే ఎంతో మీరే లెక్కేసుకోండి. రెండోది, గెంతులో మోకాలు చెయ్యని పని తుంటి, చీలమండ కలిసి చేసేస్తాయి. దూరం సమానంగానే వస్తుంది, మోకాలి వాటా మాత్రం తక్కువే. అందుకే ఒంటికాలి మీద పైకి ఎగరమనాలి, అక్కడ దాచడం కష్టం. ఫోర్స్ ప్లేట్ (కాలు నేలని నొక్కే బలం కొలిచే పలక) ఉంటే ఇంకా మేలు. ఎగిరిన ఎత్తు పక్కన పెట్టి, దూకేముందు కిందికి కుంగేటప్పుడూ, నేల మీదికి దిగేటప్పుడూ ఏ కాలు ఎంత బరువు మోస్తోందో చూడాలి.

కంబైన్ (డ్రాఫ్ట్‌కి ముందు టీముల ఎదుట జరిగే పరీక్షలు) కోసం కుర్రాళ్ళు రెండు నెలలు ఫార్టీకే ప్రత్యేకంగా తయారవుతారు. స్టార్ట్ భంగిమ, చేతుల ఊపు, మొదటి మూడడుగులు, అన్నీ రిహార్సలే. దాంట్లో నాకు కావాల్సింది మొదటి 10 గజాల టైము మాత్రమే. త్రీకోన్, 20 గజాల షటిల్ (ఆగి, దిశ మార్చి పరిగెత్తే పరీక్షలు) అంతకంటే ముఖ్యం, అదీ రెండు వైపులా చేయించాలి. కుడి మోకాలు గాయమైన కుర్రాడు కుడికాలు నాటి ఎడమకి తిరిగేటప్పుడు ఎంత పడుతోంది, ఎడమకాలు నాటితే ఎంత? తేడా పదో వంతు సెకను వచ్చినా మైదానంలో అది ఒక్క అడుగు లేటు. గాయపడ్డ కుర్రాళ్ళలో చాలామంది షటిల్ ఎగ్గొట్టి ఫార్టీ పరిగెత్తుతారు. ఏజెంట్లు తెలివితక్కువ వాళ్ళేం కాదు.

ఫిల్మ్‌లో ఏం చూడాలి? హైలైట్లు మూసేసి ఆల్ 22 (మైదానంలోని 22 మందీ కనిపించే వీడియో) తెరవండి. గాయానికి ముందూ తర్వాతా ఒకే రకం ప్లే, అవుట్‌సైడ్ జోన్ (పక్కకి సాగే రన్) లాంటిది, పక్కపక్కన పెట్టండి. రన్నర్ ఎదురైనప్పుడు ఆగడానికి ఎన్ని చిన్న అడుగులు వేస్తున్నాడో లెక్కపెట్టండి. ముందు మూడడుగుల్లో ఆగేవాడు ఇప్పుడు ఐదు వేస్తున్నాడా? గార్డ్ మోకాళ్ళ మీదికి దూకి కట్ చేస్తే చేతులతో వాణ్ణి కిందికి నొక్కుతున్నాడా, లేక గాయమైన కాలు వెనక్కి లాక్కుని పక్కకి తిరిగిపోతున్నాడా? రెండోది చేస్తున్నాడంటే మోకాలు బాగైనా మనిషి ఇంకా నమ్మట్లేదని. అది కాలంతో పోతుంది, చాలాసార్లు రెండో సీజన్‌కి. నాలుగో క్వార్టర్ విడిగా చూడండి, తొడ అలిసిపోయాక దాపరికాలన్నీ అక్కడే బయటపడతాయి.

టాకిళ్ళ సంఖ్య మాత్రం నాకు చూపించకండి. 49ఎర్స్ నవారో బోమన్‌కి 2014 జనవరిలో సియాటిల్‌లో ఏసీఎల్, మోకాలి లోపలి పక్కనుండే ఎంసీఎల్ పోయాయి. 2014 సీజన్ మొత్తం ఆడలేదు. 2015లో తిరిగొచ్చి 154 టాకిళ్ళతో లీగ్‌లో అందరికంటే ముందున్నాడు, ఆల్‌ప్రో (ఆ ఏడాది లీగ్ ఉత్తమ జట్టులో చోటు) ఇచ్చారు. గొప్ప పట్టుదల, కాదనను. కానీ ఫిల్మ్‌లో కవరేజీకి (పాస్ అందుకునేవాణ్ణి కాపలా కాయడానికి) వెళ్ళే పరిధి పాత బోమన్‌ది కాదు. టాకిల్ ఎన్నని కాదు, ఎక్కడ చేశాడని అడగాలి. లైన్ దాటి ఒక గజంలో ఆపినదీ టాకిలే, ఏడు గజాలు పోనిచ్చి పట్టుకున్నదీ టాకిలే. చెత్త టీములో, ఎక్కువ స్నాప్‌లు ఆడే మిడిల్ లైన్‌బ్యాకర్‌కి రెండో రకం కుప్పలుగా దొరుకుతాయి. జేలన్ స్మిత్‌కి కూడా 2020లో 150 దాటాయి, ఏడాది తిరక్కుండా ఉద్యోగం పోయింది.

డెవిన్ బుష్ కేసులో మరో చిక్కు ఉంది. 2019లో అతని కోసం పిట్స్‌బర్గ్ 20 నుంచి 10వ పిక్‌కి ఎగబాకింది. ఫార్టీ 4.43. మొదటి ఏడాది అదరగొట్టాడు. 2020 అక్టోబర్‌లో ఏసీఎల్. తిరిగొచ్చాక ఆట పడిపోయింది, 2022లో కాంట్రాక్ట్‌ని ఐదో ఏడాదికి పొడిగించే ఆప్షన్ వద్దన్నారు. "మోకాలే ముంచింది" అంటారు అందరూ. కొంత నిజమే. కానీ అతను ఐదడుగుల పదకొండంగుళాల మనిషి, బ్లాకర్ చెయ్యి పడితే విడిపించుకోవడం గాయానికి ముందూ కష్టమే. అప్పట్లో బ్లాక్ చేరేలోపే అక్కణ్ణించి మాయమయ్యే వేగం ఆ లోపాన్ని కప్పేది. వేగం పిసరంత తగ్గేసరికి కప్పు ఎగిరిపోయింది. గాయం తర్వాత ఎవరినైనా అంచనా వేసేటప్పుడు అందుకే ముందు పాత ఫిల్మ్ చూడాలి. వాడు ఆట చదివి అక్కడికి చేరేవాడా, లేటుగా చదివి కాళ్ళతో సర్దుకునేవాడా? మొదటి రకం కుర్రాడు కాస్త వేగం పోయినా బతుకుతాడు. కరోలినా థామస్ డేవిస్‌కి ఒకే మోకాలి ఏసీఎల్ మూడుసార్లు తెగింది, 2009, 2010, 2011. ఆ తర్వాత 2015లో ఆల్‌ప్రో అయ్యాడు.

బరువు కూడా చూడండి. కాలు కదలని నెలల్లో కుర్రాళ్ళు బెంచ్ ప్రెస్ మీద పడి 230 పౌన్ల నుంచి 245కి వస్తారు. ఫొటోలో బ్రహ్మాండంగా ఉంటారు. ఆ పదిహేను పౌన్లనీ ఆపాల్సింది బలహీనపడ్డ అదే తొడ.

టెక్సాస్‌లో ఉన్న మనవాళ్ళకి ఒక మాట. ఫ్రిస్కోలో కౌబాయ్స్ హెడ్‌క్వార్టర్స్ ఇంటి పక్కనే ఉంది, పిల్లలు హైస్కూల్ టీముల్లో ఆడుతున్నారు. అబ్బాయికి ఏసీఎల్ పోతే "వచ్చే సీజన్‌కి రెడీ అవుతాడా" అని కోచ్‌ని అడక్కండి. ఆయనకి సీజన్ ముఖ్యం, తప్పేం లేదు. తొమ్మిది నెలల దాకా ఆగిన ప్రతి నెలకీ మళ్ళీ గాయమయ్యే అవకాశం దాదాపు సగం తగ్గుతుంది. పాతికేళ్ళ లోపు ఆటకి తిరిగెళ్ళిన వాళ్ళలో సుమారు నలుగురిలో ఒకరికి మళ్ళీ ఏసీఎల్ తెగుతోంది, అదే మోకాలు అవ్వాలనీ లేదు, రెండోది కూడా పోవచ్చు. తొడ బలం మెషీన్ మీద కొలిపించి, నంబరు కాగితం మీద రాయించుకోండి. తొమ్మిది నెలలు దాటాక కూడా ఆ నంబరు సరిపడా రాకపోతే ఇంకో రెండు నెలలు ఇంట్లో ఉంచండి. కాలేజీ టీములకి పంపే రిక్రూటింగ్ వీడియో కోసం ట్రైనర్ డబ్బులడిగితే, వాటితో ఫిజియో సెషన్లు కొనండి.

ఇక డ్రాఫ్ట్ విషయానికొస్తే, మామూలు ఏసీఎల్, మెనిస్కస్ కుట్టింది, నరం బాగుంది, పాత ఫిల్మ్‌లో గార్డ్‌ని చదివిన కుర్రాడు రెండో రౌండ్ చివర్లో దొరికితే నేను తీసుకుంటాను, మొదటి ఏడాది ఏమీ ఆశించను. నరం సందేహమైతే మూడో రౌండ్‌కి ముందు ముట్టుకోను. మెడ దగ్గర వెన్ను కాలువ ఇరుగ్గా ఉందని తేలిన లైన్‌బ్యాకర్‌ని ఏ ఫార్టీ టైముకీ తీసుకోను, అది అథ్లెటిక్ పొటెన్షియల్ లెక్కే కాదు.