అప్పు కాదు, కట్ట విప్పడం

52లోంచి 27 తీసేస్తే ఎంత? మూడో తరగతి నోటు పుస్తకాలు తిరగేస్తే ఈ లెక్కకు తరచూ కనిపించే జవాబు 35. తప్పే, కానీ పరధ్యానంలో చేసిన తప్పు కాదు. రెండులోంచి ఏడు పోదు కదా అని ఏడులోంచి రెండు తీసి 5 వేశారు. ఐదులోంచి రెండు పోతే మూడు. అలా 35 వచ్చింది. అలా రాసిన పిల్లకు 52 అంటే యాభై రెండు వస్తువులు కాదు, పక్కపక్కన నిలబడ్డ రెండు అంకెలు.

బడిలో దీనికి తరతరాలుగా ఒకటే మందు: ‘పక్కింటి నుంచి ఒకటి అప్పు తెచ్చుకో’. పక్కింట్లో ఒకటిగా ఉన్నది గడప దాటి ఇటు రాగానే పది ఎలా అయిందో ఎవరూ చెప్పరు. ఆ అప్పు ఎప్పుడు తీర్చాలో అంతకన్నా చెప్పరు. వడ్డీ లేని, తీర్చే పని లేని అప్పు లెక్కల పుస్తకంలో తప్ప ఇంకెక్కడా దొరకదు.

అదే పిల్ల ముందు చీపురు పుల్లలు పెట్టండి. పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేసిన ఐదు కట్టలు, విడిగా రెండు పుల్లలు. వాటిలోంచి 27 ఇమ్మని అడగండి. రెండు కట్టలు వెంటనే ఇచ్చేస్తుంది. ఇంకో ఏడు కావాలి, విడిగా ఉన్నవి రెండే. కాసేపు అటూ ఇటూ చూసి, ఒక కట్ట విప్పుతుంది. ఇప్పుడు పన్నెండు పుల్లలు. అందులోంచి ఏడు ఇచ్చేస్తే మిగిలింది రెండు కట్టలు, ఐదు పుల్లలు. అప్పు తెచ్చిందేమీ లేదు. తన సొంత పదినే విప్పుకుంది. ఇది చేతితో ఒకసారి చేసిన పిల్ల 35 అని రాసినా, తన జవాబును తనే అనుమానించగలదు.

పిల్లలకు చదవడం, లెక్కలు ఎంతవరకు వచ్చో చూసే ‘అసర్’ 2024 గ్రామీణ సర్వే ప్రకారం, దేశంలో మూడో తరగతి పిల్లల్లో ఇలాంటి రెండంకెల తీసివేత చేయగలిగినవారు 33.7 శాతం. మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగిన ఐదో తరగతి పిల్లలు 30.7 శాతం. 2022లో ఇవి 25.9, 25.6 శాతాలు. కొంత మెరుగుపడిన మాట నిజం. అయినా ఐదో తరగతి దాటే పిల్లల్లో పది మందికి ఏడుగురు భాగహారం రాకుండానే హైస్కూలు మెట్లెక్కుతున్నారు. అక్కడ బీజగణితం వారికోసం ఎదురుచూస్తూ ఉంటుంది.

వస్తువులతో లెక్కలు చెప్పాలన్నది కొత్త మాట కాదు. ముందు చేతితో చేయడం, తర్వాత బొమ్మగా చూడడం, ఆపైన గుర్తులతో రాయడం అనే దారిని మనస్తత్వవేత్త జెరోమ్ బ్రూనర్ 1960ల్లోనే చెప్పారు. సింగపూర్ 1980ల్లో తన లెక్కల పుస్తకాలను ఆ దారిలో తిరగరాసుకుంది. మన దగ్గరా 2022 నాటి జాతీయ పునాది దశ పాఠ్యప్రణాళిక చట్రం అనుభవం, భాష, బొమ్మ, గుర్తు అనే వరుసను సూచించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980ల్లో బ్రిటన్ సాయంతో మొదలైన ఏపీపీఈపీ (ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు) శిక్షణలు పాత టీచర్లకు గుర్తుండే ఉంటాయి. గింజలు, పుల్లలు, కృత్యాలు అప్పుడే బడిలోకి వచ్చాయి.

వచ్చినవి ఎక్కడికి పోయాయి? చాలావరకు బీరువాలోకి. బడికిచ్చిన గణిత కిట్టులో ఒక్క పూస తగ్గినా స్టాక్ రిజిస్టరుకు జవాబు చెప్పాల్సింది హెడ్మాస్టరు. పిల్లల చేతికిస్తే పోతాయి, విరుగుతాయి. తాళం వేస్తే భద్రం. ఇక టీఎల్ఎం (బోధనోపకరణాల) మేళాల సంగతి సరేసరి. టీచర్లు రాత్రంతా కూర్చుని చేసిన థర్మకోల్ నమూనాలు బహుమతులు తెచ్చుకుంటాయి, ఫోటోల్లో కనిపిస్తాయి, మర్నాడు అటకెక్కుతాయి. పిల్లలు ముట్టుకోకూడని బోధనోపకరణం గోడమీది క్యాలెండరుతో సమానం.

టీచర్లను తప్పుపట్టడం మా ఉద్దేశం కాదు. ఐదు తరగతులనూ ఒక్కరే చూసుకునే బడిలో, సిలబస్ ఎంతవరకు వచ్చిందని ఫోన్లో అడుగుతుంటే, అరగంట పుల్లలతో గడిపే ధైర్యం ఎవరికుంటుంది? తనిఖీకి వచ్చినవారు చూసేది దిద్దిన నోటు పుస్తకాలను. పుల్లల కట్ట విప్పిన అరగంటకు నోటు పుస్తకంలో ఒక్క గీత కూడా మిగలదు.

అలాగని వస్తువులు పంచితే పని అయిపోదు. ఇది వస్తువుల మీద మోజున్నవారు తరచూ మరిచిపోయే సంగతి. పిల్లలు పుల్లలతో ఆడుకుని వాటిని పక్కన పెట్టాక, టీచరు బోర్డు వైపు తిరిగి మళ్లీ ‘అప్పు తెచ్చుకో’ అంటే ఆ రెండూ పిల్లల బుర్రలో కలవవు. కట్ట విప్పినప్పుడు కాగితం మీద 5 కొట్టేసి 4 ఎందుకు వేస్తున్నామో, 2 పక్కన 1 ఎందుకు చేరిందో అప్పటికప్పుడే పిల్లల నోటితో చెప్పించాలి. నడుమ బొమ్మ కావాలి. మన బడుల్లో ఎక్కువగా దాటేసేది ఆ బొమ్మ మెట్టునే.

ఒక లెక్క చూడండి. రాణి దగ్గర లక్ష్మి కంటే 8 గోళీలు ఎక్కువ. ఇద్దరివీ కలిపి 32. లక్ష్మివి ఎన్ని? ‘ఎక్కువ’, ‘మొత్తం’ కనిపిస్తే కూడిక, ‘మిగిలినవి’ కనిపిస్తే తీసివేత అని నేర్చుకున్న పిల్లలు 32కు 8 కలిపి కూర్చుంటారు. సింగపూర్ పిల్లలు రెండు పట్టీలు గీస్తారు. లక్ష్మిది ఒకటి, దాని కింద రాణిది కాస్త పొడుగ్గా. ఆ పొడుగు ముక్క 8. దాన్ని కత్తిరిస్తే రెండు పట్టీలూ సమానం, కలిపి 24. లక్ష్మివి 12, రాణివి 20. ఇందులో సూత్రమేమీ లేదు. పెన్సిలు ఉంటే చాలు.

2025లో ‘నేచర్’ పత్రికలో నోబెల్ గ్రహీతలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో బృందం అధ్యయనం ఒకటి వచ్చింది. కోల్‌కతా, ఢిల్లీ సంతల్లో పనిచేసే పిల్లలు చిల్లర లెక్కలు నోటితోనే టకటకా చెప్పేశారు. అవే లెక్కలను పాఠ్యపుస్తకం తరహాలో కాగితం మీద ఇస్తే తడబడ్డారు. సంతలో పని చేయని బడి పిల్లలు దీనికి తిరగేసి. కూరగాయల బండి దగ్గరి బుర్రకూ తరగతి గదికీ నడుమ వంతెన లేదు.

ఆ వంతెనకు కావలసిన సామాను మన ఇళ్లలో బోలెడుంది. మధ్యలో 4 చుక్కలు పెట్టి, సందు చుక్కగా అటూ ఇటూ 1 వచ్చే వరకు పెట్టే ముగ్గులో ఎన్ని చుక్కలు? తల కాస్త పక్కకు వంచి చూస్తే నాలుగు వరుసల్లో నాలుగేసి, 16. నాలుగు నాలుగుల ఎక్కం వాకిట్లోనే ఉంది. పావు, అర, ముప్పావు అనే మాటలు కిరాణా కొట్టుకు వెళ్లే పిల్లలకు తెలుసు. అయినా 1/8, 1/4లో ఏది పెద్దదంటే ఎనిమిది పెద్దది కాబట్టి 1/8 అంటారు. ఒక్క దోసెను మడిచి చూపిస్తే తేలిపోయే విషయమిది.

భాష సంగతీ చెప్పుకోవాలి. ‘ఇరవై మూడు’ అనగానే ఇరవై, దాని మీద మూడు అని పిల్లల చెవికి వినిపిస్తుంది. ‘పదమూడు’లో పది దాగే ఉంది. ‘థర్టీన్’, ‘థర్టీ’ మధ్య ఆరేళ్ల చెవికి తేడా తెలియడమే కష్టం. రెండు రాష్ట్రాల్లోనూ ఇంగ్లిష్ మీడియం వచ్చింది, రానివ్వండి. ఒకటి, రెండు తరగతుల్లో కట్టలు లెక్కపెట్టేటప్పుడు మాత్రం తెలుగులో లెక్కపెట్టనివ్వండి. మన సంఖ్యల పేర్లే ఒక బోధనోపకరణం, దానికి టెండర్లు అక్కర్లేదు.

మూడో తరగతి పూర్తయ్యేసరికి పిల్లలందరికీ చదవడం, లెక్కలు రావాలన్న కేంద్ర పథకం ‘నిపుణ్ భారత్’ గడువు 2026-27. ఈలోగా కొత్త కిట్లు కొనే ముందు రెండు ప్రభుత్వాలూ చేయగల చవకైన పనులున్నాయి. పోయిన పూసలకు, విరిగిన పుల్లలకు టీచర్ల మీద రికవరీ ఉండదని ఒక సర్క్యులర్ ఇవ్వాలి. వాడితే అరిగిపోతాయి, అరగాలి కూడా. ఒకటి నుంచి మూడు తరగతుల సిలబస్‌లో కొన్ని పాఠాలు తగ్గించి ఆ సమయాన్ని చేతిపనికి వదలాలి. ఏకోపాధ్యాయ బడులకు రెండో టీచర్ని ఇవ్వాలి. ఇది చవక కాదని తెలిసే అడుగుతున్నాం.

తనిఖీ ఫారంలో ‘గణిత కిట్టు ఉన్నదా? అవును/కాదు’ అనే గడి తీసేయాలి. దాని బదులు వచ్చిన అధికారి కింద కూర్చుని, తరగతిలో ఎవరో ఒక పిల్లను పిలిచి, 52లోంచి 27 పుల్లలతో తీసి చూపించమనాలి. కట్ట ఎందుకు విప్పావమ్మా అని అడిగి, ఆ పిల్ల చెప్పిందాన్ని చెప్పినట్టే ఫారంలో రాసుకోవాలి.