రెండు బాణాల బయాలజీ

మా అక్క కొడుకు చేసిన నేరం ఇది: క్లాసులో చెయ్యెత్తి, "సార్, ప్రొటీన్ తయారైనంక ఆ ఎంఆర్‌ఎన్‌ఏ ఏమైతది?" అని అడిగాడు. అంతే. మర్నాడు పొద్దున్నే హాస్టల్ నుంచి ఫోన్, పేరెంట్ రావాలి, అర్జెంట్. మా బావకు భూపాలపల్లిలో సెకండ్ షిఫ్ట్, అక్కకు కాలేజీ మెట్లు చూస్తేనే బీపీ, కాబట్టి మేనమామనైన పాపానికి నేనే బండి తీసి హనుమకొండ నయీంనగర్ పోయాను. దారి పొడవునా ఏమేం ఊహించుకున్నానో చెప్పను, మీ ఇంట్లోనూ పిల్లలుంటారు. ఫోన్ దొరికిందా, గోడ దూకాడా అనుకుంటూ పోతే, ప్రిన్సిపాల్ గది బయట వాడు తల వంచుకుని నిలబడి ఉన్నాడు. చేతిలో కంప్లయింట్ స్లిప్పు. "సిలబస్‌లో లేని ప్రశ్న అడిగి క్లాసును డిస్టర్బ్ చేయుట."

గదిలో ప్రిన్సిపాల్ కుర్చీ వెనక గోడంత చార్టు ఉంది. డీఎన్‌ఏ, ఒక బాణం, ఆర్‌ఎన్‌ఏ, ఇంకో బాణం, ప్రొటీన్. డీఎన్‌ఏలో ఉన్న రాతకు తీసిన నకలు కబురు ఎంఆర్‌ఎన్‌ఏ, ఆ కబురు చదివి తయారు చేసేది ప్రొటీన్. పైన పెద్దక్షరాల్లో సెంట్రల్ డాగ్మా. మూడు మాటలు, రెండు బాణాలు, సృష్టి రహస్యం సమాప్తం. ఫ్రాన్సిస్ క్రిక్ ఈ మాట 1957లో ఒక ఉపన్యాసంలో చెప్పి మరుసటి ఏడాది అచ్చు వేయించాడు. సమాచారం ఎటు నుంచి ఎటు పోగలదో చెప్పాడు పాపం, పరీక్షకు ఇంత చాలని ఎక్కడా అనలేదు. పైగా 'డాగ్మా' అంటే ఏమిటో సరిగ్గా తెలియకుండానే ఆ మాట వాడేశానని తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. ప్రశ్నించకూడని నమ్మకం అని దాని అర్థం. మా ప్రిన్సిపాల్‌కు మాత్రం ఆ అర్థం బాగా తెలుసు.

"కూర్చోండి సార్. బాబు బ్రిలియంటే. కానీ డీవియేట్ అవుతున్నడు."

"ఏం అడిగిండు సార్?"

"ఆర్‌ఎన్‌ఏ ఏమైతదని."

"ఏమైతది మరి?"

ప్రిన్సిపాల్ పక్కనున్న జువాలజీ సార్ వైపు చూశాడు. జువాలజీ సార్, ఇది బాటనీ సార్ చాప్టర్ అన్నాడు. బాటనీ సార్‌ను పిలిపించారు. ఆయన చేతినిండా చాక్‌పీసు పొడితో వచ్చి, ప్రశ్న విని, కళ్ళు మూసుకుని జ్ఞాపకాల్లోకి వెళ్ళి, "గత పదేళ్ళ పేపర్లలో ఒక్కసారి కూడా రాలేదు సార్" అన్నాడు. గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను మళ్ళీ అడిగాను, పేపర్లో రావడం సంగతి సరే, కణంలో ఏమవుతుంది అని. ఈలోగా టీ వచ్చింది. టీ వెనకే పీఆర్వో వచ్చాడు, అడ్మిషన్ కోసం వచ్చిన పేరెంట్ అనుకున్నట్టున్నాడు, నవ్వుతూ కూర్చుని, విషయం తెలిశాక సీరియస్ అయి, "అసలది ఎన్ని మార్కులు సార్?" అన్నాడు. కరెక్ట్ అయితే ప్లస్ నాలుగు, తప్పైతే మైనస్ ఒకటి అని బాటనీ సార్. రాని ప్రశ్నకైతే? "జీరో." అంటే వాడు జీరో మార్కుల ప్రశ్న కోసం అరవైమంది పిల్లల రెండు నిమిషాలు తిన్నాడు, మొత్తం నూట ఇరవై నిమిషాలు, పేరెంట్‌గా మీరే చెప్పండి సార్, అని పీఆర్వో ఫోన్లో లెక్క తీసి నాకు చూపించాడు. చివరికి డీన్ అనే ఒక పెద్దాయన తలుపు దగ్గరే నిలబడి తీర్పు చెప్పాడు. "ప్రొటీన్ అయినంక ఆర్‌ఎన్‌ఏ ఎక్కడికి పోతది సార్? అక్కడ్నే ఉంటది."

అక్కడే ఉంటుందట. నాకు ఠక్కున కిటికీలోంచి ఎదుటి బిల్డింగ్ కనబడింది. దాని మీద ఈ కాలేజీదే ఫ్లెక్సీ, 2018 ర్యాంకర్లది. పైవరుస పిల్లల మొహాలు ఎండకు తెల్లబారి ముక్కులు మాత్రం మిగిలాయి. ఆ పిల్లల్లో కొందరు ఈపాటికి హౌస్‌సర్జన్సీ కూడా అయిపోగొట్టి ఉంటారు. ఫ్లెక్సీ మాత్రం అక్కడే ఉంది, రోజూ ఎవరో ఒక తండ్రి దాన్ని చదువుతూనే ఉన్నాడు, లోపలికొచ్చి ఫీజు కడుతూనే ఉన్నాడు. ఇదీ వీళ్ళకు తెలిసిన ఆర్‌ఎన్‌ఏ.

నేనేం సైంటిస్టును కాదు. ఎప్పుడో ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చదివి, ఇప్పుడొక ల్యాబ్‌లో రక్తం శాంపిళ్ళ మీద స్టిక్కర్లు అంటిస్తున్నవాణ్ణి. కానీ కణం ఇలాంటి ఫ్లెక్సీ పని చేయదని నాకు తెలుసు. మన కణాల్లో ప్రతి ఎంఆర్‌ఎన్‌ఏకు ముందు ఒక టోపీ, వెనక దాదాపు రెండు వందల 'ఏ' అక్షరాల తోక ఉంటాయి (ఒకటీ అరా మినహాయింపులున్నాయి, వాటిని వదిలేయండి). ఆ తోకను కొరికే ఎంజైములు రోజూ డ్యూటీలోనే ఉంటాయి. తోక అరిగిపోతే టోపీ ఊడుతుంది, టోపీ ఊడితే ముందు నుంచి ఒకరు, వెనక నుంచి ఒకరు నమిలేస్తారు, ముక్కలు మళ్ళీ కొత్త ఆర్‌ఎన్‌ఏకు పనికొస్తాయి. ఫ్లెక్సీ అయినా దింపితే ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మీద కప్పడానికి పనికొచ్చేది. ఎవరి ఆయుష్షు వాళ్ళది: ఫాస్, మిక్ లాంటి జన్యువుల ఆర్‌ఎన్‌ఏలు పావుగంటలో, అరగంటలో సగం మాయం, హిమోగ్లోబిన్ ఆర్‌ఎన్‌ఏ రోజుకు పైగా బతుకుతుంది. కణాన్ని పెరుగు పెరుగు అని తొందరపెట్టే మిక్ లాంటి కబురు విరిగిపోకుండా నిలిచిపోతే ఆ దారి క్యాన్సర్ వైపు పోతుంది. చెత్త ఎత్తెయ్యడం కూడా పాలనే సార్, నయీంనగర్ నాలా పక్కన ఉండేవాళ్ళకు ఇది ఇంకా బాగా తెలుసు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇనుము సంగతి. కణంలో ఇనుము తగ్గితే ఒకే రకం ప్రొటీన్ పోయి రెండు ఆర్‌ఎన్‌ఏల మీద కూర్చుంటుంది. ఇనుమును దాచిపెట్టే ఫెరిటిన్ ఆర్‌ఎన్‌ఏకు తల దగ్గర కూర్చుని దాన్ని చదవనివ్వదు, బయటి నుంచి ఇనుమును లోపలికి తెచ్చే రిసెప్టర్ ఆర్‌ఎన్‌ఏకు తోక వైపు కూర్చుని దాన్ని నరకనివ్వదు. ఇంట్లో బియ్యం నిండుకున్నప్పుడు డబ్బా కొనడం మానేసి సంచి పట్టుకుని అంగడికి పోయినట్టు. దీన్ని వినడానికి రెండు నిమిషాలు పడుతుంది. వినకపోతే జన్మంతా పాఠంలో ఉన్న బాక్టీరియా జన్యు స్విచ్, లాక్ ఒపెరాన్, ఒక్కటే కంట్రోల్ అనుకుని తిరగాలి.

ఇంక ఆ చార్టులో మూడో మాట, ప్రొటీన్. దాని తర్వాత ఫుల్‌స్టాప్ పెట్టినవాడు ఎవడో గానీ వాడికి దండం. రైబోజోమ్ అనే కణంలోని యంత్రం లోంచి బయటికొచ్చేది అమైనో ఆమ్లాల వట్టి గొలుసు. అది సరిగ్గా మడతపడితేనే ప్రొటీన్, లేకపోతే నాలుగు గొలుసులు కలిసి చిక్కుపడ్డ ఉండ. ఎలా మడతపడాలో ఆ గొలుసు అక్షరాల్లోనే రాసి ఉంటుందని చూపించినందుకే ఆన్‌ఫిన్‌సెన్‌కు 1972లో నోబెల్ ఇచ్చారు. కానీ ఆయన చూపించింది పరీక్షనాళికలో, చుట్టూ ఎవరూ లేనప్పుడు. కణం లోపల మేడారం జాతర రోజు గద్దెల దగ్గర ఉన్నంత రద్దీ. ఆ రద్దీలో కొత్త గొలుసును కాపాడటానికి షాపెరోన్లని వేరే ప్రొటీన్లు ఉంటాయి. బాక్టీరియాలో ఒకటి అచ్చం పీపాలా ఉంటుంది, మూత కూడా ఉంటుంది. చిక్కుల్లో పడ్డ గొలుసును ఒక్కదాన్నే లోపల పెట్టి మూత వేస్తుంది, ఓ పది సెకన్లు. లోపల ఎవరూ తొయ్యరు, ఎవరూ ర్యాంకు అడగరు. మూత తీశాక మడత కుదిరిందా సరే, కుదరలేదా మళ్ళీ లోపలికి. పదిసార్లయినా సరే.

మావాడి హాస్టల్లో ఆదివారం టెస్టు, సోమవారం సెక్షన్ మార్పు. మెడలో వేలాడే ఐడీ కార్డు తాడు రంగును బట్టి వాడు ఏ బ్యాచో వంటమాస్టర్‌కు కూడా తెలుస్తుంది. నీలం తాడు వాళ్ళకు మంచి లెక్చరర్లు, ఎర్ర తాడు వాళ్ళకు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు. కణంలోనూ తాళ్ళు లేవని అనను. బాగుపడని ప్రొటీన్‌కు యుబిక్విటిన్ అనే 76 అమైనో ఆమ్లాల బిళ్ళను ఒకదాని వెనక ఒకటి తగిలిస్తారు, ఆ బిళ్ళల దండ చూసి ప్రొటియాజోమ్ దాన్ని లోపలికి లాక్కుని ముక్కలు చేస్తుంది, దానికీ 2004లో నోబెల్ వచ్చింది. కాకపోతే బిళ్ళ పడేది షాపెరోన్లు ప్రయత్నించి చూశాక.

నిజం చెప్పాలంటే కణంలోనూ ఒక ప్రిన్సిపాల్ ఉన్నాడు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బులో చాలామందికి ఒక ప్రొటీన్‌లో 508వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం ఎగిరిపోతుంది. ఆ ప్రొటీన్‌ను కణం అంచుదాకా పోనిస్తే ఎంతో కొంత పని చేసేదే. కానీ లోపలి తనిఖీ వాళ్ళు మడత సరిగ్గా లేదని దారిలోనే చింపేస్తారు. మనుషులు ఏళ్ళ తరబడి కష్టపడి, దాని మడతకు చెయ్యూతనిచ్చి బయటికి పంపించే మందులు కనిపెట్టారు. గుర్తుపెట్టుకోండి, మందు ఆ గొలుసుకు ఆసరా ఇచ్చింది, దాన్ని ఎర్ర తాడు బ్యాచ్‌లో వెయ్యలేదు.

సరే, ప్రిన్సిపాల్ గదిలోకి వద్దాం. కేసు విచారించి వాళ్ళు తీర్పిచ్చారు. బాబుకు ఫోకస్ తగ్గింది కాబట్టి ఈ నెల ఔటింగ్ కట్, రాత్రి పదిన్నర తర్వాత ఇంకో గంట స్పెషల్ స్టడీ అవర్. పొద్దున అయిదింటికి లేచేవాడికి. "టెన్షన్ పడకండి సార్, ప్రెషర్ పెడితేనే పెర్‌ఫార్మెన్స్ వస్తది."

1960ల మొదట్లో ఇటలీలో రిటోసా అనే ఆయన ల్యాబ్‌లో ఎవరో పొరపాటున ఇంక్యుబేటర్ వేడి పెంచేశారు. లోపలున్న ఈగ పిల్లల క్రోమోజోములు కొత్త చోట్ల ఉబ్బి కనిపించాయి. ఆయన రాసిన పేపర్‌ను మొదట ఒక పత్రిక ప్రాముఖ్యం లేదని తిప్పి పంపింది, అప్పటికీ డీన్లు ఉన్నారన్నమాట. వేడి తగిలితే కణం ఏం చేస్తుందనే కథ అక్కడ మొదలైంది. మే నెల రామగుండం ఎండలో మనం ఏం చేస్తామో అదే చేస్తుంది, మామూలు పని ఆపి నీడ చూసుకుంటుంది. ఉన్న ఆర్‌ఎన్‌ఏల్లో చాలావాటిని గుంపులుగా చేర్చి పక్కన పెడుతుంది, వేడి తగ్గాక మళ్ళీ వదులుతుంది. ఈలోగా షాపెరోన్లను మాత్రం గబగబా తయారు చేసుకుంటుంది. మడత పడని ప్రొటీన్లు పేరుకుంటే పెర్క్ అనే కాపలాదారు లేస్తాడు. తిండి లేక అమైనో ఆమ్లాలు తగ్గితే జీసీఎన్-2. వైరస్ వస్తే పీకేఆర్. రక్తానికి ఎర్రరంగునిచ్చే హీమ్ తగ్గితే హెచ్‌ఆర్‌ఐ. నలుగురూ వచ్చి నొక్కేది ఒకటే స్విచ్, ఈఐఎఫ్-2 అనే ప్రొటీన్‌కు ఒక ఫాస్ఫేటు తగిలిస్తారు, అంతే, కణమంతా ప్రొటీన్ తయారీ తగ్గిపోతుంది. మరమ్మతుకు కావలసిన కొద్ది కబుర్లు మాత్రం ఆ నిశ్శబ్దంలో కూడా చదవబడేలా ముందే ఏర్పాటు ఉంటుంది. కంటికి కనిపించని కణానికి, మెదడే లేనిదానికి, భారం ఎక్కువైతే పని తగ్గించాలని తెలుసు. దాన్ని బోర్డు మీద బొమ్మ గీసి చెప్పి ర్యాంకులు తెప్పించే మనిషికి తెలియదు. గంట పెంచుతాడట!

2019 ఏప్రిల్ నాకు గుర్తుంది, మీకూ గుర్తుండాలి. ఇంటర్ ఫలితాల్లో మంచిర్యాల జిల్లా అమ్మాయికి తెలుగులో 99 రావాల్సింది 0 అని వేశారు. రైబోజోమ్‌కు అక్షరాలు అందించే ఎంజైముల్లో ఒకటుంది, దానికి వాలిన్, ఐసోల్యూసిన్ అనే అమైనో ఆమ్లాలు రెండూ ఎదురైతే, వాటి మధ్య తేడా ఒక కార్బన్, రెండు హైడ్రోజన్లు, అయినా తప్పు దాన్ని పట్టుకుంటే ఇంకో గదిలో రెండోసారి చూసి తీసి పారేస్తుంది. రెండోసారి చూస్తుంది! 99కీ 0కీ తేడా కనిపెట్టడానికి రెండోసారి చూసే మనిషి ఒక్కడు లేకపోయాడు. ఆ కొద్ది రోజుల్లో ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. మన జిల్లాల పిల్లలు, మన సందుల్లో సైకిల్ తొక్కిన పిల్లలు. ఆ తర్వాత రీవెరిఫికేషన్ ఫ్రీ అన్నారు. ఎవరికయ్యా ఫ్రీ? నాకు ఇక్కడ వ్యంగ్యం రావడం లేదు, క్షమించండి.

చివరికి ఒక అండర్‌టేకింగ్ కాగితం ఇచ్చారు. ఇకపై సిలబస్ బయటి ప్రశ్నలు అడగబోనని. కింద పేరెంట్ లేదా గార్డియన్ సంతకం. ఔటింగ్ కట్ చెయ్యకపోతే, ఆ స్పెషల్ గంట ఎత్తేస్తే సంతకం పెడతానన్నాను. చాలాసేపు గొణిగి ఒప్పుకున్నారు. పెట్టాను.

బయట టీ కొట్టు దగ్గర వాడికి రెండు మిర్చిబజ్జీలు ఇప్పించి ఈ బిళ్ళల కథ చెబితే, ఒకటి తిని, రెండోది చేతిలో పట్టుకుని ఆలోచిస్తున్నాడు.

"మామా, ఆ ప్రొటీన్‌ను ముక్కలు జేసేటప్పుడు, మీద తగిలించిన బిళ్ళలు కూడా ముక్కలైతయా?"

"కావురా. ముందే విప్పి పక్కన పెట్టుకుంటరు. మళ్ళీ వాడుకుంటరు."

"విప్పేది ఎవరు?"

"దానికి వేరే ఎంజైములు ఉన్నయి."

కాసేపు బజ్జీ వైపే చూశాడు. "క్లాసుల అడగొచ్చా?"

"సంతకం పెట్టింది నేను" అన్నాను. "నేనైతే అడగను."